గున్నేశ్వరరావు గారి సమదృష్టి

మెషిన్‌కు పసుపు రాయాలి. కింద నిమ్మకాయ పెట్టాలి. ఛైర్మన్ గారి తలకు కొబ్బరినూనె లేకుండా చూడాలి. సామర్లకోట దగ్గరున్న మా కాలేజీలో మెదడు పరిశోధన మొదలుకావడానికి ఇవన్నీ తప్పనిసరి. చివరిదానికి మాత్రం అటెండర్ వెంకన్న కుంకుడురసం పట్టుకుని ఛైర్మన్ గారి వెంట తిరగాల్సి వచ్చింది.

పరిశోధన సులువే. స్పానిష్‌లో "ఫలానావారిని చూశాను" అనాలంటే ఆ మనిషి ముందు ఒక చిన్న మాట చేర్చాలి. బల్లను చూస్తే అక్కర్లేదు. మనిషికి ఆ మాట ఎగ్గొడితే, భాష వచ్చినవారి మెదడు ఉలిక్కిపడుతుంది. తలకు తీగల టోపీ పెడితే ఆ ఉలికిపాటు తెరమీద గీతై లేస్తుంది. ఇది పదిమందిలో తేలేదాకా ప్రాజెక్టు ఉంటుంది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ దాన్ని నడిపే శ్రీదివ్యకు ఉద్యోగం ఉంటుంది.

తొలి టోపీ పెద్దవారికే పెట్టడం మన మర్యాద. పైగా ఛైర్మన్ గున్నేశ్వరరావు గారు స్పెయిన్‌కు రొయ్యలు పంపుతారు. ఆ భాషలో బేరమాడగలరు.

హాల్లో అందరి ముందూ "కూలీని చూశాను" అన్న స్పానిష్ వాక్యం ఆ చిన్న మాట లేకుండా వచ్చింది. గీత కదల్లేదు. గుమస్తా వచ్చాడు, పనిమనిషి వచ్చింది. కదల్లేదు. "కుర్చీని చూశాను" అనగానే, కుర్చీకి ఆ మర్యాద జరగలేదని గీత తెర దాటిపోయింది.

"ఏంటమ్మా, పాడైందా?" అన్నారు ఛైర్మన్ గారు.

"మెషిన్ బాగానే ఉందండి..." శ్రీదివ్య నసిగింది.

"పర్లేదు, చెప్పు."

"మీ మెదడుకి కూలీ, బల్లా ఒకటేనండి. కుర్చీ మాత్రం మనిషండి."

ప్రిన్సిపాల్ భాస్కరం గారు మైకు అందుకున్నారు. "మనిషినీ వస్తువునూ సమానంగా చూడటం ఋషులకే సాధ్యం! మన ఛైర్మన్ గారి సమదృష్టి నేడు శాస్త్రీయంగా రుజువైంది!"

చప్పట్లు మోగాయి.

"సార్, ఇంకో తొమ్మిదిమందిని కూర్చోబెట్టాలండి," అంది శ్రీదివ్య.

"రుజువైపోయాక ఇంకెందుకమ్మా?" అని భాస్కరం గారు ప్రాజెక్టు ముగించారు.

మెషిన్‌కు ఏసీ గది ఇచ్చాం. ఛైర్మన్ గారి సన్మానం కోసం హాలు ఖాళీ చేశాం. విరిగిన స్టూళ్లు, పాత ఫ్యాను, శ్రీదివ్య, చెదపట్టిన బీరువా, అన్నీ తీసేశాం.

పాఠకులారా, పై వాక్యం దగ్గర మీరు ఆగారా? ఆగకపోతే మీకూ శాలువా సిద్ధంగా ఉంది, వచ్చి కప్పించుకోండి. ఆగినవారికి ఒక్కటే మనవి: ఆ సామానులో ఒకమ్మాయి ఉంది. ఆమెను గుర్తుంచుకోండి.