హాలెన్‌బెక్ జట్టులో ఏకైక అమెరికా భాగం

గంటకు మూడు వందల యాభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కారును తయారు చేయడానికి మనిషికి సుమారు నూరేళ్ళు పట్టింది. దాన్ని పరుగెత్తనివ్వడానికి ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో తేల్చడానికి ఇంకొంత కాలం పడుతుందనీ, అంతదాకా అందరూ ఓపిక పట్టాలనీ ప్రపంచ వేగ సమాఖ్యవారు సవినయంగా తెలియజేస్తున్నారు. (సమాఖ్య కార్యాలయంలో లిఫ్టు ఆగిపోయి నాలుగేళ్ళయింది. వేగం వారి పరిధిలోని విషయమే గాని, లిఫ్టు కాదట.)

నేను సమాఖ్య ఉద్యోగిని కాను. ఇంగ్లండులో నార్తాంప్టన్ దగ్గర ఒక పల్లెలో ఉన్న హాలెన్‌బెక్ రేసింగ్ జట్టులో కాగితాల గుమాస్తాని. మాది అమెరికా జట్టు.

ఇది ఎలా సాధ్యమో చెబుతాను. మా యజమాని రాయిస్ హాలెన్‌బెక్ ఇండియానా రాష్ట్రంలో ధాన్యం నిలవచేసే ఇనుప గాదెలు తయారు చేస్తాడు. గాదెలు కదలవు. అరవై ఏళ్ళు వచ్చేసరికి ఆయనకు కదిలేదేదైనా చేయాలనిపించింది. ప్రపంచ రేసుల్లో కొత్త జట్టు పెడతానని సమాఖ్యకు దరఖాస్తు పెట్టాడు. అందులో అరవై ఒకటో ప్రశ్న: "మీ రాక వల్ల ఈ పోటీకి కొత్తగా కలిగే ప్రయోజనమేమిటి?" జవాబుకు నాలుగు పేజీలు ఖాళీ వదిలారు. రాయిస్ రెండే మాటలు రాశాడు: "మేం అమెరికన్లం."

అప్పటికే ఉన్న పది జట్లూ ఒక్క గొంతుతో అభ్యంతరం చెప్పాయి. (ఆ పది జట్లు ఒక విషయంలో ఏకీభవించడం అదే మొదలు. అంతకుముందు సమావేశం ఏ వారం పెట్టాలన్న దగ్గరే విడిపోయేవి.) పదకొండో జట్టు వస్తే, చివరి స్థానంలో ఉన్న జట్టుకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న గుర్తింపు పోతుందని వారి వాదన. రెండేళ్ళు చర్చించి సమాఖ్య మధ్యేమార్గం కనిపెట్టింది. మాకు "జాతీయ స్వభావ ప్రవేశం" ఇచ్చారు. పద్నాలుగో నిబంధన ప్రకారం మా జట్టులో అమెరికా స్వభావం అన్నివేళలా ఉండాలి, కంటికి కనబడాలి, కొలతకు అందాలి.

రాయిస్ సంతోషంగా సంతకం పెట్టి, వెంటనే ఇంగ్లండు వచ్చి షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. వేరే దారి లేదు. ఇలాంటి కార్లు చేయడం తెలిసినవాళ్ళంతా ఈ నాలుగు పల్లెల్లోనే ఉంటారు. జట్టు మారినా ఇల్లు మారరు, వెళ్ళే పబ్బు అసలే మారరు. అలా మా ఇంజినీర్లు ఇంగ్లీషువాళ్ళు, ఇంజను ఇటలీది, డ్రైవర్లలో ఒకాయన ఎస్తోనియా, ఇంకొకాయన బ్రెజిల్, వంటాయన పోర్చుగల్. కారు మీద అమెరికా జెండా మాత్రం చాలా పెద్దది. దాన్ని బెల్జియంలో కుట్టించాం.

ఫిబ్రవరిలో జాతీయతా పరిశీలనాధికారిణి మదామ్ ఒదిల్ ఫ్రషే మా షెడ్డుకు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. ఎప్పుడూ అబద్ధం చెప్పదు, ఎప్పుడూ నవ్వదు. ముందు జెండా కొలిచింది. తర్వాత జట్టు జాబితా చదివి కళ్ళజోడు తీసింది.

"ఇందులో అమెరికా ఎక్కడుంది?" అని అడిగింది.

"నేనున్నాగా!" అన్నాడు రాయిస్, రొమ్ము తట్టుకుంటూ.

"యజమాని జట్టులో భాగం కాదండీ. నిబంధనల్లో యజమాని బయటి పరిస్థితి. అంటే, వాతావరణం లాంటివారు."

రాయిస్‌ను జీవితంలో చాలామంది చాలా అన్నారు గాని, వాతావరణం అని ఎవరూ అనలేదు. ఆయన తేరుకునేలోగా కారు కిందనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవడయ్యా ఈ బోల్టు బిగించింది? వాడి చేతులకు దండం పెట్టాలి. అసలు విప్పే ఉద్దేశం లేకుండా బిగించాడు!"

మదామ్ ఫ్రషే వంగి చూసింది. "ఎవరది?"

ఆవిడ డార్లీన్ స్టట్జ్‌మన్. రాయిస్ ఊరే. అరవై ఒకటో ఏడు. అక్కడి మట్టి ట్రాకుల మీద ముప్ఫై నాలుగేళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్న మనిషి. మా గేర్‌బాక్సులో ఏదో తేడా ఉందని, రాయిస్ బతిమాలితే రెండు వారాల కోసం వచ్చింది. ఒక్క సంచీతో వచ్చింది.

"పుట్టింది ఎక్కడ?" మదామ్ ఫ్రషే అడిగింది.

"ఇండియానాలో. ఎందుకు, నా మీద ఏమైనా ఫిర్యాదుందా?"

"తల్లిదండ్రులు?"

"వాళ్ళూ అక్కడే. వాళ్ళ మీద కూడానా?"

మదామ్ ఫ్రషే సంచీలోంచి, కారు భాగాలకు వేసే నంబరున్న చిన్న సీసపు సీలు తీసి, మెత్తటి తీగతో డార్లీన్ ఎడమ మణికట్టుకు కట్టింది. అలా మా జట్టుకు అమెరికా స్వభావం నిర్ధారణ అయింది. పత్రంలో "వస్తువు వివరణ" అన్నచోట "డార్లీన్, ఒకటి" అని నేనే రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

ఆ సీలుతో వచ్చిన నిబంధనలు మర్నాడు చదివాను. నమోదైన భాగం ప్రతి రేసులోనూ ఉండాలి కాబట్టి డార్లీన్ డిసెంబరు దాకా ఇంటికి వెళ్ళకూడదు. నమోదైన భాగం మరో భాగాన్ని బాగుచేయకూడదు కాబట్టి ఆవిడ గేర్‌బాక్సు ముట్టుకోకూడదు.

ఈ మాట చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆవిడ చేతిలో రెంచి ఉంది.

"ఏమయ్యా కాగితాలాయనా," అంది డార్లీన్, "నేను గేర్‌బాక్సు కోసం వచ్చాను. గేర్‌బాక్సు ముట్టుకోకూడదంటే మరి నేనిక్కడ చేసేదేంటి?"

"ఉండాలండీ."

"ఉండి?"

"ఉండడమేనండీ."

ఆవిడ రెంచి కింద పెట్టింది. "ఏప్రిల్ ఆఖరి శనివారం మా ట్రూడీ రేసుంది," అంది. ట్రూడీ ఆవిడ తమ్ముడి కూతురు. వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. ఇద్దరూ కలిసి ఆరు చలికాలాలు కష్టపడి, ఇంటి వెనక కొట్టంలో ఒక కారు చేశారు. అది తొలిసారి ట్రాకెక్కేది ఆ శనివారమే. "ఆ కారు గేర్లు ఏమంటున్నాయో నా ఒక్కదాని చెవికే తెలుస్తుంది. వస్తానని మాటిచ్చాను. అర్థమైందా?"

అర్థమైందని చెప్పాను. అర్థం చేసుకోవడానికి మా దగ్గర ఫారం ఏదీ లేదు.

రాయిస్ తన ఊరి నుంచి ఇంకొక అమెరికన్‌ను పంపుతానన్నాడు. ప్రత్యామ్నాయ భాగాన్ని అనుమతించడానికి పద్నాలుగు వారాలు పడుతుందని, దానికి ముందు ఆ భాగాన్ని గోడకు గుద్ది పరీక్షించాలని సమాఖ్య జవాబిచ్చింది. రాయిస్ ఎంపిక చేసిన పోస్టుమాస్టరు ఆ రెండో షరతు విని తప్పుకున్నాడు.

రేసులు మొదలయ్యాయి. మొదటి రేసులో మాకు చివరి స్థానం వచ్చింది. (అంతకుముందు చివరగా ఉండే జట్టు అధికారికంగా విచారం వ్యక్తం చేసింది.) రెండో రేసు ముందురోజు డార్లీన్‌కు పన్ను నొప్పి లేచింది. రేసు ఆరంభ స్థానాలు తేల్చే పోటీ అయినప్పటినుంచి రేసు ముగిసేదాకా సీలు వేసిన భాగాలకు మరమ్మతు చేయకూడదు. నేను అత్యవసర అనుమతి కోరాను. మూడు గంటల్లో వచ్చింది. ఆ సంస్థ చరిత్రలో అంత వేగం లేదు. షరతులు మూడు: కొత్త పన్ను పాతదాని బరువే ఉండాలి, పదార్థం అమెరికాలో తయారై ఉండాలి, తీసిన పన్నును సమాఖ్యకు అప్పగించాలి. దంతవైద్యుడి పక్కన తక్కెడ పట్టుకొని ఒక పరిశీలకుడు నిలబడ్డాడు. డార్లీన్ నోరు తెరిచి ఉండడం వల్ల ఆవిడ అభిప్రాయం నమోదు కాలేదు.

మూడో రేసుకు అసలు గండం వచ్చింది. మా జట్టు నాయకుడు పియర్స్ థోర్న్‌బరో, ఇంగ్లీషు పెద్దమనిషి, పరుగెత్తుతూ వచ్చాడు. ప్రత్యర్థి జట్టొకటి ఫిర్యాదు చేసిందట. మా అమెరికా భాగం క్షీణించి ఇంగ్లీషుగా మారుతోందట. మూడు ఫొటోలు జతచేశారు. ఒకదానిలో డార్లీన్ పాలు పోసిన టీ తాగుతోంది. రెండోదానిలో విసుక్కోకుండా వరసలో నిలబడింది. మూడోదానిలో ఎవరో ఆవిడ కాలు తొక్కితే ఆవిడే "అయ్యో, క్షమించండి" అంటోందని కింద రాశారు. (ఆ మూడోది చూసి మా ఇంజినీర్లు గర్వపడ్డారు. వాళ్ళను విచారణ హాలు బయట కూర్చోబెట్టాం.)

విచారణకు ముగ్గురు అధికారులు కూర్చున్నారు.

"మీరు టీ తాగారా?" అన్నాడు పెద్దాయన.

"తాగాను."

"ఎందుకు తాగారు?"

"కాఫీ అని వీళ్ళు ఇచ్చిన దాన్ని తాగలేక. మా ఊళ్ళో దానితో ట్రాక్టరు కడుగుతాం."

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. జవాబులో అమెరికా స్వభావం తగిన మోతాదులో ఉందని తీర్పిచ్చి ఫిర్యాదు కొట్టేశారు. అయితే క్షమాపణల విషయంలో హెచ్చరిక ఇచ్చారు. ఆ రోజునుంచి డార్లీన్ ఎవరినైనా గుద్దుకుంటే, ఆవిడ క్షమాపణ చెప్పకుండా ఆపి అవతలివాణ్ణి తిట్టడానికి ఒక ఇంజినీరును నియమించాం.

ఆ సాయంత్రం కారు గరాజులోకి వస్తుంటే ఆవిడ తల పక్కకు వంచి విన్నది.

"పియర్స్, నాలుగో గేరులో సన్నగా ఈల వినిపిస్తోంది. షాఫ్టులో పగులుంది. రేపు పన్నెండో చుట్టు కూడా దాటదు."

"మా యంత్రాల్లో అలాంటిదేమీ చూపించడం లేదండీ."

"యంత్రాలకు ఈలలు వినబడవయ్యా. నాకు పది నిమిషాలియ్యి, విప్పి చూపిస్తాను."

పియర్స్ నా వైపు చూశాడు. నేను నిబంధనల పుస్తకం వైపు చూశాను. ఒక భాగం ఇంకొక భాగం గురించి అభిప్రాయం చెప్పవచ్చో లేదో స్పష్టత కోరుతూ సమాఖ్యకు రాశాను. మర్నాడు రేసులో ఎస్తోనియా డ్రైవరు పదకొండో చుట్టులో, మలుపు మధ్యలో, వెనక చక్రాలు బిగుసుకుపోయి టైర్లు పేర్చిన రక్షణ గోడలోకి దూసుకెళ్ళాడు. కుంటుతూ నడిచి వచ్చి, హెల్మెట్టు తీసి, డార్లీన్ పక్కన కూర్చున్నాడు. ఆవిడ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. సమాఖ్య స్పష్టత మంగళవారం వచ్చింది. చెప్పవచ్చునట, రాతపూర్వకంగా, నలభై ఎనిమిది గంటల ముందు.

నాలుగో రేసు ఇటలీలో. గురువారం ఉదయం పదింటికి డార్లీన్ నా బల్ల దగ్గరికి వచ్చింది. భుజాన ఒక్క సంచీ. నా డ్రాయరు తనే లాగి, కత్తెర తీసి, మణికట్టు మీద తీగ కత్తిరించి సీలు నా ముందు పెట్టింది.

"ఎల్లుండే శనివారం," అంది.

"డార్లీన్ గారూ, మీరు వెళ్తే జట్టు అమెరికాది కాకుండా పోతుందండీ. మూడు వందల మంది ఉద్యోగాలు..."

"మూడు వందల మంది ఉన్నారు కదా, ఒక్కడు నా మాట విని ఆ బోల్టు విప్పాడా?"

 దీనికి నిబంధనల్లో జవాబు లేదు, ముందే చూశాను. "టాక్సీ పిలవమంటారా?" అన్నాను. పదకొండేళ్ళ గుమాస్తా జీవితంలో నేను అనుమతి లేకుండా చేసిన మొదటి పని అది.

మధ్యాహ్నం మదామ్ ఫ్రషే తనిఖీకి వచ్చింది.  రాయిస్ కిటికీ దగ్గర నిలబడి నిజంగానే వాతావరణం చూస్తున్నాడు. ఆవిడ నా బల్ల మీదున్న సీలు తీసి, నంబరు పుస్తకంతో సరిచూసి, టిక్కు పెట్టింది.

"భాగం ఏదీ?" అని అడుగుతుందని ఎదురుచూశాం. అడగలేదు. తనిఖీ పత్రంలో ఉన్నది సీలు గురించిన గడి ఒక్కటే. ఆవిడ ఎప్పుడూ అబద్ధం చెప్పదని ముందే రాశాను. లేని గడిని నింపదు కూడా. ఆ సంవత్సరం మిగిలిన రేసులన్నిటికీ సీలును చిన్న పెట్టెలో పెట్టి విమానంలో తీసుకెళ్ళాం. దానికి పన్ను నొప్పి రాలేదు, టీ తాగలేదు. డిసెంబరులో మాకు జాతీయ స్వభావానికి ప్రథమ బహుమతి ఇచ్చారు.

ట్రూడీ రేసు మర్నాడు, ఆదివారం, డార్లీన్ ఫోను చేసింది. గొంతు బొంగురుపోయింది. ట్రూడీ నాలుగో స్థానంలో వచ్చిందట. చివరి మలుపులో మూడోవాణ్ణి దాదాపు పట్టేసిందట. ఇద్దరూ మట్టిలో కూర్చుని ఏడ్చారట.

"ప్రవేశానికి ఏమేం కాగితాలు అడిగారండీ?" అన్నాను. వృత్తి అలవాటు.

"గేటు దగ్గర ఆయన, కారు తెచ్చావా అన్నాడు. తెచ్చానన్నాను. అయితే అటు పక్కన పెట్టమన్నాడు."

"తర్వాత?"

"తర్వాత ఏముందయ్యా? జెండా ఊపారు, వెళ్ళారు."

ఈ సంగతి నేను మదామ్ ఫ్రషేకు చెప్పాను. ఫిర్యాదుగా కాదు, ముచ్చటగా. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. ఆవిడ మొహంలో నిజమైన ఆందోళన చూడడం నాకదే మొదటిసారి.

"పాపం," అంది. "మరి కాగితాలు లేకపోతే ముందు ఎవరొచ్చారో వాళ్ళకు ఎలా తెలుస్తుంది?"

నిజం చెప్పాలంటే, స్పష్టత కోరుతూ రాయడానికి నేను అప్పటికే కాగితం తీశాను.