మాట్లాడని భర్త పాత్ర

ఆ రోజు పొద్దున్న ప్రమీల అనుకున్న పని చాలా చిన్నది. భర్త లింగమూర్తి సూరత్ శివారు ప్రాంతమైన సచిన్‌లోని మగ్గాల కార్ఖానాకు బయల్దేరగానే గిన్నెలు తోమేసి, తన డిగ్రీ అసైన్‌మెంటు గురించి సుమన్‌తో ఫోన్లో మాట్లాడాలి. తర్వాత లేసు కుట్టిన చీరలు సంచిలో పెట్టుకుని పర్వత్ పాటియాలో వ్యాపారికి ఇచ్చి రావాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి రాయడానికి కూర్చోవాలి. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగవలసిన పని లేదు.

పెళ్లితో ఆగిపోయిన చదువును నలభై దాటాక దూరవిద్యలో మళ్లీ అందుకుంది ప్రమీల. ఈసారి అసైన్‌మెంటు ఒక నవల మొదటి భాగం మీద. అందులోని పాత్రలు, దృష్టికోణం, నేపథ్యం విశ్లేషించి రాయమన్నారు. ఆ భాగంలో పెద్దగా ఏమీ జరగదు. ఒక నేతపని ఊళ్లో ఒకామె సంచి సర్దుకుని, భర్తకు చెప్పకుండా, బస్సు కోసం వచ్చి నిలబడుతుంది. కథంతా ఆమే 'నేను' అంటూ చెబుతుంది. భర్త ఉంటాడు గానీ ఒక్క ముక్క మాట్లాడడు.

పాత్రల గురించి రాయడం ప్రమీలకు సులువుగానే ఉంది. ఇబ్బందల్లా నేపథ్యం దగ్గర. వీధి పొడవునా సాగదీసిన పడుగులు, వాటికి పట్టిస్తున్న గంజి వాసన, గూనపెంకుల మీద చినుకులు, అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఆ పేరా చదివిన ప్రతిసారీ ఆమె సూరత్‌లో తాముంటున్న ఉన్ బస్తీలోని రేకుల గదిలోంచి లేచి కోరుట్ల దగ్గరి తన ఊరికి వెళ్లిపోయేది. తిరిగొచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి మాడి ఉండేది. కాగితం మాత్రం తెల్లగానే ఉండేది.

ఆ పేరాను లింగమూర్తికి చదివి వినిపించాలని ఒకసారి అనుకుంది. "ఇంటవా?" అని అడిగితే అతడు అటు తిరిగి పడుకున్నాడు. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, తిట్టడు. మగ్గాల చప్పుడు అతడి చెవుల్ని సగం, మాటల్ని మొత్తం తినేసింది. ఇంటికొచ్చి, తిని, "మంచిగున్నది" అంటాడు. అది కూర గురించో, మొత్తం సంసారం గురించో ప్రమీలకు ఎప్పుడూ తెలిసేది కాదు.

సుమన్ ఆమె క్లాసులోని అమ్మాయి. తెలుగువాళ్ల పిల్లే గానీ సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఇక్కడ ఆ పేరు ఆడపిల్లలకు పెట్టడం మామూలు. ప్రమీల ఇంటి వెనక బట్టలు ఉతికే బండ మీద కూర్చుని ఆమెకు ఫోన్లో నవల చదివి వినిపించింది.

"'మధ్యాహ్నం బస్సుకు పోత. ఆయనకు చెప్ప. ఇన్నేండ్లల్ల నన్ను ఎట్లున్నవని అడిగినోడు గాదు.' ఇగో సుమన్, గిక్కడికొచ్చేసరికి నా గుండె పట్టేసినట్లైతది."

"కని ఆంటీ, ఆయన మనసుల ఏమున్నదో మనకెట్ల తెలుస్తది? కథ చెప్పేది ఆమెనే గదా," అంది సుమన్ అవతలి నుంచి.

"ఆయన మనసుల ఏం లేదు. ఉంటె ఇన్నేండ్లకు ఒక్కసారన్న చెప్పకపోవునా? నేనైతే గదే రాసిపెడుత."

పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న రాజమ్మకు ఇందులో ప్రమీల మాటలు మాత్రమే వినబడ్డాయి. రాజమ్మ మంచి మనిషి. వాడకట్టులో ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి తీసుకెళ్తుంది. ఒకరి కష్టం తెలిశాక ఊరుకోవడం మాత్రం ఆమెకు చేతకాదు. పైగా ఆమె పుట్టి పెరిగిన పల్లెలో సుమన్ అనే పేరున్నవాళ్లందరికీ మీసాలుండేవి.

కాసేపటికి ప్రమీల ఉబ్బిన సంచితో గడప దిగి తలుపుకు తాళం వేయడం ఆమె చూసింది.

"ఏడికి పిల్లా?"

"పర్వత్ పాటియాకు అక్కా."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"ఏమో, ఆడ ఎంతసేపైతదో. గీ తాళంచెవి నీ దగ్గర ఉండనీ. ఆయనొస్తే ఇయ్యి."

పర్వత్ పాటియా నుంచే మధ్యాహ్నం కోరుట్ల ప్రైవేటు బస్సు బయల్దేరుతుంది. రాజమ్మ చేతిలో తాళంచెవి నిప్పుకణికలా అయింది. ప్రమీలకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. సుమన్‌తో మాట్లాడీ మాట్లాడీ దాని ఛార్జింగ్ అయిపోయిందని ఆమెకెలా తెలుస్తుంది? ఇక ఆలోచించకుండా లింగమూర్తికి చేసింది.

మగ్గాల మధ్య లింగమూర్తికి మొదట వినబడినవి మూడే మాటలు: ప్రమీల, సుమన్, బస్సు. బయట చాయ్ బండి దగ్గరికి వచ్చి మళ్లీ చెప్పించుకున్నాడు.

"సుమన్ ఎవడు అక్కా?"

"నాకేం తెల్సు తమ్మీ. 'సుమన్, నా గుండె పట్టేసినట్లైతది' అన్నది. ఆయన మనసుల ఏం లేదు, రాసిపెడుత అన్నది. సంచి వట్టుకొని పోయింది. గదే నీలం చీర, పసుపు పువ్వులది."

లింగమూర్తి చేతిలో చాయ్ ఉంది. గాజుగ్లాసును బండి మీద పెట్టబోయి గాలిలో పెట్టాడు. అది పగిలిన చప్పుడు కూడా అతడికి వినబడలేదు. మూడేళ్లుగా సెలవడిగితే "సీజన్ అయిపోనీ" అంటున్న సేఠ్, లోపలికొచ్చిన అతడి మొహం చూసి, సంగతి విని గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు.

"జావ్, భాయ్. ఎన్ని దినాలైనా పర్లేదు. ఆమెను తీసుకొనే రా. ఒక్కనివి రాకు," అన్నాడు సేఠ్ తనకొచ్చిన తెలుగులో.

అదే కార్ఖానాలో పనిచేసే తమ్ముడు వినోద్ అన్నను బండెక్కించుకున్నాడు. దారిలో ట్రావెల్స్ ఆఫీసులోని గణపతికి ఫోన్ చేసి చీర ఆనవాళ్లు చెప్పాడు. ఆ నెల సూరత్‌లో ఆ ప్రింటు లేని వీధి లేదన్న సంగతి చీరల గుడ్డ నేసే అన్నదమ్ములిద్దరికీ ఆ తొందరలో తట్టలేదు.

"ఉన్నది," అన్నాడు గణపతి బస్సులోకి తొంగిచూసి. "కొంగు కప్పుకొని కిటికీ కాడ కూసున్నది. ముందట సీట్ల ఒక మీసాలాయన ఉన్నడు."

"గాడే. బస్సు ఆపు," అన్నాడు వినోద్.

వాళ్లు చేరుకునేసరికి బస్సు చుట్టూ జనం మూగారు. పర్వత్ పాటియాలో ఇలాంటి కబురు బైకు కంటే ముందే చేరుతుంది. వినోద్ నేరుగా బస్సెక్కి మీసాలాయన చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వేనా సుమన్?"

"ఊఁ," అన్నాడాయన.

ఆయన పేరు బుచ్చిరాములు. పొద్దున్నే దవడపన్ను పీకించుకుని, డాక్టరు పెట్టిన దూదిని కరిచిపట్టుకుని ఊరికి పోతున్నాడు. ఏమడిగినా ఊఁ అనడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. "మా వదినెను తీస్కపోతున్నవా?" అంటే కూడా ఊఁ అనేసరికి, గణపతి మధ్యలో పడి విడదీయాల్సి వచ్చింది.

లింగమూర్తి బస్సెక్కలేదు. కిటికీ కింద నిలబడ్డాడు. నెత్తి మీద, కనుబొమల మీద దారాల నూగు. కిటికీలో నీలం కొంగు మాత్రమే కనిపిస్తోంది.

"ప్రమీలా, దిగు," అన్నాడు. బస్సు రేకు మీద చెయ్యేసి, "దిగకున్నా మంచిదే, ఇను. నాకు మాట్లాడొస్తది. పొద్దంత మగ్గాల కాడ నిలవడి నీతోనే మాట్లాడుత. ఆ చప్పుడుల నేనేమన్నా ఎవ్వలకు ఇనరాదు గదా, గట్టిగనే మాట్లాడుత. గియ్యాల దారం తెగింది, గాయన గిట్లన్నడు, మన వాడకట్టుల గంజి వాసన యాదికొచ్చింది, అన్ని చెప్త. ఇంటికొచ్చేసరికి నీకు అన్ని చెప్పేసినట్లే ఉంటది. నువ్వు ఇన్నవనే అనుకుంట."

జనంలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"మొన్న పుస్తకం సదువుత ఇంటవా అన్నవు. అటు తిరిగి పన్న. ఎందుకంటె నువ్వు సదువుకునేటప్పుడు జర చెవిన వడ్డది. అండ్ల మన ఊరున్నది. ఇంటె నీ ముందట ఏడుస్తనని బుగులైంది. ఎట్లున్నవని గూడ అడుగుత ప్రమీలా. రోజు అడుగుత. మగ్గం కాడ."

అక్కడ ఆగి, కనుబొమల మీది నూగు తుడుచుకున్నాడు. కిటికీలోని కొంగు మెల్లగా తొలగింది. లోపలున్నది ముక్కుకు పెద్ద ముక్కెర పెట్టుకున్న ఎవరో పెద్దామె. కళ్లు తుడుచుకుంటోంది.

"నేను ప్రమీలను గాదు కొడుకా," అందామె. "కని చెప్పు. ఎందుకాగినవ్? నాతోని ఎవ్వలు గిట్ల మాట్లాడలే."

లింగమూర్తి దిక్కుతోచక వెనక్కి తిరిగాడు. ఖాళీ సంచి పట్టుకుని ప్రమీల అక్కడే నిలబడి ఉంది. చీరలు అప్పజెప్పి సిటీ బస్సుకు పోతూ, ఎవరికేమైందో పాపమని జనంలోకి తొంగిచూసింది. చూసింది తన మొగుణ్నే. పిలవబోయింది. కానీ అతడు మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్లకు మాట్లాడుతున్న మనిషిని ఆపడానికి ఆమెకు నోరు రాలేదు.

"ఎట్లున్నవ్?" అన్నాడు లింగమూర్తి.

"మంచిగున్న," అంది ప్రమీల. ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపొచ్చింది. రాజమ్మ ఫోన్ సంగతి వినోద్ చెబితే, ఏడుస్తూనే నవల గురించి, అసైన్‌మెంటు గురించి, సుమన్ ఆడపిల్లే అన్నదాని గురించి చెప్పింది. వినోద్ బస్సెక్కి బుచ్చిరాములు చొక్కా సరిచేసి, నలిగిన కాలరును చేత్తో సాపు చేశాడు. బుచ్చిరాములు ఊఁ అన్నాడు.

అంతలో లింగమూర్తి ఫోన్ మోగింది. సేఠ్. "దొరికిందా?" అన్న గొంతు పక్కనున్నవాళ్లకూ వినబడింది. లింగమూర్తి సంతోషంగా నోరు తెరిచాడు. ప్రమీల అతడి చెయ్యి పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అబద్ధమాడని మనిషి, బస్సు ముందున్న కోరుట్ల బోర్డును చూసి, మెల్లగా అంది: "దొరకలేదని చెప్పు."

లింగమూర్తి ఆమెను చూశాడు. బోర్డును చూశాడు.

"దొరకలే సేఠ్‌జీ," అన్నాడు. "ఊరికి పోయినట్లున్నది. నేను గూడ పోవాలె."

గణపతి వెనక రెండు సీట్లున్నాయన్నాడు. తాళంచెవి దగ్గరే ఉంచుకొమ్మని, పొయ్యి ఒకసారి చూడమని ప్రమీల వినోద్ ఫోన్ నుంచి రాజమ్మకు చెప్పింది. కట్టుబట్టలతోనే ఇద్దరూ బస్సెక్కారు. ఒళ్లో ఖాళీ సంచి పెట్టుకుని ప్రమీల కిటికీ పక్కన కూర్చుంది. భర్త పాత్ర గురించి అనుకున్న వాక్యాలన్నీ కొట్టేసి మళ్లీ రాయాలి. దాని సంగతి ఊళ్లో చూసుకోవచ్చు.

బస్సు కదిలింది. మగ్గాల చప్పుడు లేని చోట తన గొంతు తనకే కొత్తగా వినబడుతుంటే లింగమూర్తి మొదలుపెట్టాడు. పెళ్లయిన ఏడు పడిన వానతో మొదలై, మగ్గాల మేస్త్రీ నైజం మీదుగా, చాయ్ బండి వాడి పెద్దకూతురి పెళ్లి దాకా వచ్చాడు. ప్రమీల అతడి వైపు తిరిగి కూర్చుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింది.

మహారాష్ట్ర సరిహద్దులోని నవాపూర్ దాటినా అతడు ఆపకపోయేసరికి, కాసేపు కళ్లు మూసుకొమ్మని అతడికి మర్యాదగా చెప్పింది.