ఫ్రీజర్‌లో పరేడు కోటు

పొద్దున్నే ఎనిమిదింటికి ఎదురుగా ఉన్న ఐస్‌క్రీమ్ దుకాణానికి వెళ్ళడం, అక్కడి ఫ్రీజర్‌లోంచి కోటు తీసుకోవడం, ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టడం. బాబాయి వేసుకున్న పథకం ఇంతే. ఇందులో పోలీసులు లేరు.

వీధి మొత్తానికీ బాబాయే అయిన ఈ పెద్దమనిషి పోస్టాఫీసులో పార్సెళ్ళు తూచి తూచి రిటైరయ్యాడు. జన్మలో ఆయన గట్టిగా కొట్టిందంటూ ఏదైనా ఉంటే అది కవర్ల మీద ముద్రే. అలాంటివాడికి పాతకాలపు సైనికుల పరేడు దుస్తులంటే ప్రాణం. యుద్ధంలో వేసుకునేవి కావు. రాజుగారి ముందు బారులు తీరి, ఊపిరి బిగబట్టి నిలబడటానికి కుట్టించుకునేవి. వాటిని సంపాదించడం ఒక ఎత్తు, కాపాడటం పదెత్తులు. ఉతకకూడదు. ఇస్త్రీ చెయ్యకూడదు. బొత్తాలకు పట్టిన మసక తుడవకూడదు. పొరపాటున కూడా తొడుక్కోకూడదు. "మరెందుకండీ అవి?" అని అడిగినవాళ్ళను బాబాయి జాలిగా చూసి ఊరుకునేవాడు.

ఆయన దగ్గరున్నవాటిలో మకుటంలేని మహారాజు ఒక ఎర్ర ఉన్ని కోటు. నూట ఇరవై ఏళ్ళది. మెడ చుట్టూ బంగారు జరీ, రొమ్ము మీద రెండు వరసల బొత్తాలు, చీమల బారులాంటి సన్నని కుట్టు. మ్యూజియం అధికారిణి దాన్ని చూడటానికి మర్నాడు పదింటికి వస్తానంది. నచ్చితే కొత్త గదిలో, అద్దాల పెట్టెలో పెడతారు. పదిహేనేళ్ళుగా బాబాయి కంటున్న కల అదొక్కటే.

సరిగ్గా ఇలాంటప్పుడే, రెండు వారాల కిందట, కాలరు మడతలో చిమ్మట పురుగులు కనిపించాయి. ఉన్నికి అవి యముడి చుట్టాలు. మందు కొడితే రంగు పోతుంది. అందుకని బాబాయి ఆ విద్య తెలిసినవాళ్ళు చేసే పనే చేశాడు. కోటును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, గడ్డకట్టే చలిలో పెట్టాడు. ఇంట్లో ఫ్రిజ్‌లో పట్టదు గనుక ఐస్‌క్రీమ్ దుకాణదారును బతిమాలుకున్నాడు. బాబాయి ఏ పనీ సగం చేసే రకం కాదు. కోటు నలగకుండా లోపల పలచటి కాగితం బిర్రుగా కూరాడు. దాంతోపాటు వచ్చిన తెల్లటి చేతితొడుగులను కూడా వేలు వేలుకీ కాగితం నింపి, కోటు చేతుల చివర పొందికగా అమర్చాడు.

ఆ పొద్దున దుకాణదారు ఊళ్ళో లేడు. అల్లుణ్ణి కూర్చోబెట్టి వెళ్ళాడు గానీ, సంచి సంగతి చెప్పడం మరిచాడు. అల్లుడు వెనక ఫ్రీజర్ మూత ఎత్తాడు. మంచు పట్టిన సంచిలోంచి ఎర్రటి చెయ్యి, తెల్లటి వేళ్ళు, బొత్తాల రొమ్ము కనిపించాయి. తల కోసం వెతికేంత గుండె ధైర్యం అతనికి లేదు.

"చెయ్యి! లోపల చెయ్యి!" అంటూ పక్క సెలూన్‌లోకి పరిగెత్తాడు. సెలూన్‌లో ఆ చెయ్యి కాస్తా మనిషైంది. దర్జీ కొట్టుకు చేరేసరికి ఆ మనిషికి హోదా వచ్చింది. మలుపులో ఉన్న పోలీస్ స్టేషన్‌కు చేరేసరికి ఒక సేనాపతి, ఇద్దరు అంగరక్షకులు, ఒక గుర్రం. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో గుర్రం ఎలా పట్టిందని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఈలోగా బాబాయి, అనుకున్న ప్రకారం ఎనిమిదింటికి, ఖాళీ దుకాణంలోకి వెళ్ళి, సంచిని భుజాన వేసుకుని కూనిరాగం తీస్తూ బయటికొచ్చాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టరు, ఆయన వెనక వీధి వీధంతా.

"దించండి దాన్ని!"

"మెల్లగా బాబూ, మెల్లగా! వంగితే విరుగుతుంది."

ఇన్‌స్పెక్టరు సంచిని నొక్కి చూశాడు. కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

"ఏముంది లోపల?"

"పరేడు కోటండీ."

"అయితే విప్పి చూపించండి."

"చూపిస్తాను. రేపు."

"రేపేమిటి?"

"ఇప్పుడే విప్పితే గాలిలో తేమంతా చెమటలా పట్టేస్తుందండీ. జరీ నల్లబడుతుంది. మెల్లగా చల్లదనం వదలాలి. ఒక రోజు పడుతుంది."

"చాలామంది నేరస్తుల్ని చూశాను పెద్దాయనా. కరిగాక చూపిస్తా, రేపు రమ్మన్నవాడివి నువ్వొక్కడివే!"

అప్పుడు పిన్ని వచ్చింది. పిన్ని అంటే బాబాయి భార్య. పదిహేనేళ్ళుగా ఆ కోటును ఆడిపోసుకోని పూట లేదామెకు.

"అమ్మా, దీన్లో ఎవరున్నారో మీకైనా తెలుసా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెలియకేం బాబూ? నా సవతి."

కానిస్టేబులు గబగబా రాసుకున్నాడు. "అయ్యయ్యో, ఆడమనిషా!" అంటూ గుంపు సేనాపతిని అక్కడికక్కడే వదిలేసింది. ఇన్‌స్పెక్టరు దర్జీ దగ్గర కత్తెర పుచ్చుకున్నాడు. పిన్ని కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"ఆయన రేపంటే రేపే! దీని కోసం నాతో పదిహేనేళ్ళు పోట్లాడారు గానీ, ఒక్క అబద్ధం ఆడలేదు. కత్తెర ఇలా ఇవ్వు!"

గజదొంగల్ని పట్టిన ఆ ఇన్‌స్పెక్టరు కత్తెర ఇచ్చేశాడు. బాబాయి రెండు చేతులూ ముందుకు చాపాడు. "నన్ను లోపల వేసుకోండి. సంచి మాత్రం విప్పకండి. కావాలంటే మ్యూజియం అమ్మగారిని అడగండి."

ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. అవతలి గొంతు వీధంతా వినిపించింది. "ఎవరైనా విప్పారా?"

"ఇంకా లేదండీ."

"విప్పితే మీమీద ఫిర్యాదు ఇచ్చేది నేనే!"

అలా ఆ సంచి స్టేషన్‌లో పొడుగాటి బల్ల మీద పడుకుంది. పక్కన స్టూలు మీద బాబాయి, గుమ్మంలో పిన్ని. ఎవరైనా కిటికీ తీస్తే "ఎండ!" అని ఆయన అరుపు, బల్లకు ఆనుకుంటే "చెయ్యి తియ్!" అని ఆమె అరుపు. ఆ స్టేషన్ పుట్టాక అంత క్రమశిక్షణ ఎవరూ చూడలేదు.

మర్నాడు పదింటికి మ్యూజియం అధికారిణి వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, ముడి విప్పింది. కోటు బయటికి రాగానే గది వెలుగు మారినట్టయింది. ఎరుపు నిన్న అద్దినట్టుంది. జరీ మీద ఒక్క తేమ చుక్క లేదు. ఇన్‌స్పెక్టరు మడమలు వాటంతటవే దగ్గరయ్యాయి, చెయ్యి పైకి లేచింది.

"సార్, సెల్యూట్ ఎవరికి?" కానిస్టేబులు గొణిగాడు.

"కుట్టినవాడికి. నోరు ముయ్."

అధికారిణి బొత్తాలూ కుట్టూ ఒక్కొక్కటే పరిశీలించింది. చివరికి బాబాయి వైపు తిరిగింది. "కొత్త గదిలో మొదటి పెట్టె దీనికే. మిగతావి ఎలా సర్దాలో మీరే వచ్చి మావాళ్ళకు చెప్పాలి."

"వస్తారు. నేనూ వస్తాను. లేకపోతే ఈయన తిండి సంగతి మరిచిపోతారు" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

అంతా బాగానే ఉంది గానీ, ఫ్రీజర్‌లో ఎవరో చలికి గడ్డకట్టి చనిపోయినట్టు ఫిర్యాదు స్టేషన్ పుస్తకంలోకి ఎక్కిపోయింది. ఎక్కినదానికి జవాబు రాయాలి. ఇన్‌స్పెక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. కాలరు మడత దులిపిన అధికారిణి ఒక తెల్ల కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన వంగి, లెక్కపెట్టి, కలం తీసి రాశాడు: "మృతులు పదకొండు. అందరూ చలికే పోయారు. పేర్లు తెలియలేదు. అన్నీ చిమ్మట పురుగులు."

ఫిర్యాదు నిజమేనని తేలడంతో కేసు మూసేశారు.