రివర్స్ గేరు మాహాత్మ్యం

ముందుకు పోయే కార్లు కొనుక్కున్న వాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది!

పాపం, ముచ్చటపడి కారు కొంటారు. నిమ్మకాయలు తొక్కించి మరీ రోడ్డు మీదికి తెస్తారు. మొదటి రాస్తారోకో దగ్గర ఆగిపోతారు. అక్కడే ఎండలో కూర్చుని పల్లీలు తిని, పొద్దుగూకే వేళకు ఇంటికి తిరిగి వస్తారు. ఈమాత్రం భాగ్యానికి నాలుగు గేర్లా? కొందరికి ఐదు కూడా ఉంటాయట!

నా కారుకు ఒకటే గేరు. అది రివర్స్. ఆ ఒక్క గేరుతోనే, జిల్లాలో చక్రం తిరగని రోజున, నేను కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయాను. దారిలో నన్ను ఆపినవాళ్ళు లేరని చెప్పను. ఆపారు. పూలదండ వెయ్యడానికి ఆపారు! అందుకే కారు కొనదలచిన పాఠకులకు నా సలహా ఒకటే. సెకండ్ హ్యాండ్ కారే కొనండి. చెడిపోయిందే కొనండి. అదీ ఉద్యమం జోరుగా ఉన్నప్పుడే కొనండి.

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. మొన్నటిదాకా నేనూ మీలాంటి అజ్ఞానినే.

మా అమ్మాయి అనూష సిరిసిల్లలో అత్తగారింట్లో ఉంది. అల్లుడు దుబాయిలో ఉన్నాడు. అమ్మాయికి తొమ్మిదో నెల పడింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి తీసుకురావలసింది నేనే. సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. నేనూ సకల జనుల్లో ఒకణ్ణే కదా! మా ఆఫీసుకు తాళం వేసి టెంటు కింద కూర్చున్నాను. బస్సులు ఆగాయి. ఆటోలు ఆగాయి. కిరాయి కార్ల వాళ్ళు అద్దాలు పగులుతాయని దండం పెట్టారు. సమ్మె అయ్యాక తెద్దామని మా ఆవిడతో అన్నాను. ఆమె చేతిలోని చాట కింద పెట్టింది.

"రాష్ట్రం ఆగుతది. కాన్పు ఆగుతదా?" అన్నది.

ఇంత సూటి ప్రశ్న ఏ కమిటీ అయినా వేసిందా? మర్నాడే స్కూటర్ ఎక్కి జగిత్యాల పోయాను. అక్కడ పోశం అని పాత కార్ల బ్రోకరు ఉన్నాడని విన్నాను.

పోశం నాకు చూపించిన కారు ఒకప్పుడు తెల్లగా ఉండేదట. మామూలు రోజుల్లో అయితే ఆ కారును చూసి నేను అటునుంచి అటే వచ్చేసేవాణ్ణి. కానీ ఉద్యమం ఎంత గొప్పదో చూడండి, ఆ కారులోని ప్రతి లోపానికీ ఒక గౌరవం కల్పించింది! స్టెప్నీ టైరులో గాలి లేదు. పంక్చర్ షాపులు బంద్‌లో ఉన్నాయి కదా! బ్యాటరీ చచ్చింది. కరెంటే లేనప్పుడు ఛార్జింగ్ ఎక్కడిది? హారన్ మోగదు. ఇన్ని నినాదాలుండగా హారన్ ఎందుకు? పేరు మార్పిడి సంగతి అడిగితే, ఆర్టీఏ ఆఫీసువాళ్ళంతా ఇప్పుడే టెంటు కింద కనిపించారని చెప్పాడు. నంబర్ ప్లేటు మీద ఏపీని చెరిపేసి టీజీ అని ఎంత పెద్దగా రాయించాడంటే, పక్కనున్న అంకెలకు చోటు మిగల్లేదు. ముందద్దం మీద అడ్డంగా పగులుంది. ఇదేమిటన్నాను. ఉద్యమంలో తగిలిన దెబ్బ అన్నాడు.

నేను చెప్పులు విడిచి ఆ కారుకు దండం పెట్టాను.

అయినా నేను అమాయకుణ్ణేమీ కాదు. నడిపి చూడందే కొననని భీష్మించాను. పోశం అటూ ఇటూ చూశాడు. అప్పుడే డప్పులతో ఒక ర్యాలీ వస్తోంది. వెంటనే నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, అద్దాలన్నిటికీ జెండాలు కట్టి, కారును ర్యాలీలో కలిపేశాడు.

ఆ టెస్ట్ డ్రైవ్‌ను నేను జన్మలో మరచిపోను. కారు నీళ్ళ మీద పడవలా పోయింది. కుదుపు లేదు, పొగ లేదు, ఇంజన్ చప్పుడన్నదే లేదు! చౌరస్తా దగ్గర బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టకముందే ఆగింది. ఇంత మెత్తని బండిని నా సర్వీసులో చూడలేదు. మా ఆఫీసు జీపు దీని కాలి గోటికి చాలదనుకున్నాను.

వెనక నుంచి ఒక డిగ్రీ కాలేజీ మొత్తం తోస్తోందన్న సంగతి నాకు తెలియదు. చౌరస్తాలో ఆగిందంటే, ఆ పిల్లలంతా ధర్నాకు కింద కూర్చున్నారన్నమాట. వెనక ఏం జరుగుతోందో అద్దంలో చూసుకోవద్దా అని మీరడగవచ్చు. అద్దానికి జెండా ఉంది కదండీ! జెండాను తొలగించి చూసే పాపానికి ఒడిగడతానా?

కొన్నాను. పెట్రోల్ బంకులు మూశారని పోశం దాన్ని ట్రాక్టరుకు కట్టి కోరుట్లకు పంపాడు. మేడిపల్లి దగ్గర జనం ఆ ట్రాక్టరును ఆపి, కారును చూసి, దానికి యాక్సిడెంటయిందేమోనని నన్ను ఓదార్చారు. నేను వెనక స్కూటర్ మీద తలెత్తుకుని వస్తున్నాను.

మా ఎదురింటి మెకానిక్కు జానీమియా షట్టరు సగం ఎత్తి, నా స్కూటర్లోంచీ తన బండిలోంచీ పెట్రోలు తీసి పోసి, లోపల పడుకుని పని చేశాడు. మధ్యాహ్నానికి ఇంజన్ దగ్గింది, తుమ్మింది, మేలుకుంది. మొదటి గేరు వేశాను. ఉలకలేదు. రెండోది వేశాను. పలకలేదు. ఆ తరవాతివీ అంతే. చివరికి రివర్స్ వేశాను. చెంగున ఎగిరి మా ప్రహరీగోడను గుద్దింది.

జానీమియా గడ్డం గోక్కున్నాడు.

"సార్, ముందుకు పోయే గేర్లన్నీ ఖతం. సామాన్ హైదరాబాద్ నుంచి రావాలె. సమ్మె అయినంకనే" అన్నాడు.

మా ఆవిడ గడపలో నిలబడి ఉంది. దారికి పులిహోర కట్టిన డబ్బా, నీళ్ళ సీసా తెచ్చి కారు సీటు మీద పెట్టి లోపలికి పోయింది. ఇక ఏ మగాడు ఆగుతాడు? రివర్స్ అయితేనేం, సిరిసిల్లకు వెనక్కి పోతే సిరిసిల్ల రాకుండా పోతుందా? మానవత్వం కొద్దీ జానీమియా నా పక్కన కూర్చున్నాడు. నేను మెడ తిప్పి వెనకద్దంలోంచి చూస్తూ నడిపాను. ఆ మెడ ఇప్పటికీ తిన్నగా లేదు. కుడిపక్క నుంచి ఎవరైనా పలకరిస్తే ఒళ్ళంతా తిరగాలి.

కథలాపూర్‌లో రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. లారీలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. మా కారు వీపు చూపిస్తూ వచ్చేసరికి, అక్కడి జేఏసీ నాయకుడు మల్లేశం చేతిలో రాయితో లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. కారును చూశాడు, నా మెడను చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. రోజూ పేపర్లో ఒక వినూత్న నిరసన! ఒకరు మోకాళ్ళ మీద నడిచారు. ఒకరు సగం గుండు చేయించుకున్నారు. ఒకరు బర్రెకు వినతిపత్రం ఇచ్చారు. ఈ కథలాపూర్ వాళ్ళకు కొత్తది ఏదీ దొరక్క తల పట్టుకుని ఉన్నారట.

మల్లేశం మైకు అందుకున్నాడు. "తెలంగాణ ఇస్తమన్నరు. అని ఎనుకకు పోయిండ్రు. గది అందరికి యాది చెయ్యాలెనని గీ సారు కోరుట్ల నుంచి ఎనుకకే నడుపుకుంట అచ్చిండు!" అన్నాడు.

నాలో ఇంత లోతైన ఆలోచన ఉందని నాకే తెలియదు! గేర్లు పోయాయని నిజం చెబుదామనుకున్నాను. కానీ రాయి ఇంకా అతని చేతిలోనే ఉంది. వినయంగా తల వంచి దండ వేయించుకున్నాను. పొయ్యిలు జరిపి మరీ దారి ఇచ్చారు.

ఇక చూడండి నా వైభోగం! కబురు ఫోన్లలో నాకంటే ముందు పోయింది. రుద్రంగిలో కొబ్బరికాయలు కొట్టారు. చందుర్తిలో కారు వెనక అద్దానికి బొట్టు పెట్టారు, వాళ్ళకు అదే ముందు కాబట్టి. లారీలు, జీపులు, కొత్త కొత్త కార్లు బారులు తీరి నిలబడి ఉంటే, మధ్యలోంచి నా ఒంటిగేరు కారు రాజసంగా వెనక్కి పోయింది. ఐదు గేర్ల కార్ల వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి అసూయగా చూశారు.

సిరిసిల్లలో అనూష వాకిట్లోకి వచ్చి కారును చూసింది. నా మెడలో దండలు చూసింది. విషయమంతా విన్నది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా అడిగింది.

"బాపూ, గిండ్ల కూసుంటె నా మొఖం సిరిసిల్ల దిక్కుంటది, ఈపు కోరుట్ల దిక్కుంటది. నేను తల్లిగారింటికి పోతున్నట్టా, ఆడికెల్లి అస్తున్నట్టా?"

వాళ్ళ అమ్మ పంపిన పులిహోర డబ్బా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసింది. కళ్ళు తుడుచుకుని కారెక్కింది.

తిరుగు ప్రయాణంలో కథలాపూర్‌లో మళ్ళీ ఆపారు. ఈసారి స్టేజీ కట్టి ఉంది! నాకు సన్మానమట. వద్దంటే వింటారా? ఇంజన్ ఆపితే మళ్ళీ లేవదని, దాన్ని ఆన్‌లోనే ఉంచి జానీమియాను కాపలా పెట్టాను. శాలువా కప్పారు. ఒకాయన మాట్లాడాడు. ఆయన తరవాత ఇంకొకాయన. ప్రతివాడూ చరిత్రతో మొదలుపెట్టాడు. వాళ్ళు నిజాం కాలం నుంచి బయలుదేరి ఎనుకకు పోయే కారు దాకా రావడానికి చాలా సమయం పట్టింది. అంతలో కారు గట్టిగా ఒకసారి దగ్గి ఆగిపోయింది. జానీమియా బానెట్ ఎత్తి, నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్న ఐలవ్వ అనే ఆవిడ, కారులో కూర్చున్న పిల్లకు ఇంత తినిపిద్దామని పళ్ళెం పట్టుకుపోయింది. పోయినంత వేగంగా వెనక్కి వచ్చి, ఎక్కువ మాటలు లేకుండా మైకు లాక్కుంది.

"మీటింగ్ బంద్ చెయ్యుండ్రి. పొల్లకు నొప్పులు అస్తున్నయ్."

ఇంతవరకు నేను మీతో సరదాగా మాట్లాడుతున్నాను కదా. అప్పుడు మాత్రం నాకు సరదా లేదు. భయం వేసింది. మెడలో దండలు, మీద శాలువా, ఎదురుగా కారులో నా బిడ్డ పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. ముందుకు పోదామంటే గేరు లేదు. వెనక్కి పోదామంటే ఇంజన్ లేదు. అంబులెన్సుకు ఫోన్ చేశారు. అది ఆగిన లారీల అవతల ఉంది. లారీలన్నీ ఆగింది నా రాష్ట్రం కోసమే. ఎవరిని తిట్టాలో కూడా నాకు తెలియలేదు.

ఐలవ్వ కారు చుట్టూ తిరిగి చూసింది. మల్లేశంతో అన్నది. "తొలుసూరు పొల్ల తల్లిగారింటికి ఎనుకకు పోవుడేంది? బండిని లేపి తిప్పుండ్రి. నూకుండ్రి."

అనూషను దింపి ఐలవ్వ పట్టుకుంది. మల్లేశం, జానీమియా, లారీల డ్రైవర్లు, అప్పటిదాకా నిజాం కాలంలో ఉన్న వక్తలు, అందరూ కలిసి కారును అమాంతం ఎత్తి, కోరుట్లవైపు ముఖం పెట్టి దింపారు. అనూష ఎక్కింది. పక్కన ఐలవ్వ ఎక్కింది. జనం తోశారు. మల్లేశం ముందు పరుగెత్తి రాస్తారోకో తీసేస్తూ పోయాడు. ఒక ఊరివాళ్ళు అలసిపోతే తరవాతి ఊరివాళ్ళు అందుకున్నారు. నేను స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. కుదుపు లేదు, పొగ లేదు, ఇంజన్ చప్పుడు లేదు. జగిత్యాల టెస్ట్ డ్రైవ్‌లో ఎలా పోయిందో అలాగే పోయింది. అంబులెన్సు మాకు కోరుట్ల పొలిమేరలో ఎదురొచ్చింది.

కోరుట్ల ఆసుపత్రిలో, సమ్మెలో ఉండి కూడా నర్సు నాహీద్ నల్ల బ్యాడ్జీతోనే అనూషను లోపలికి తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఐలవ్వ పాపను చూసి, పొయ్యి మీద గంగాళం వదిలేసి వచ్చానని గుర్తొచ్చి, లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు సమ్మె ఆగింది. బస్సులు తిరుగుతున్నాయి. మొన్న పాపను చూడటానికని పోశం పండ్లు పట్టుకుని వచ్చాడు. ముందుకు పోని కారును నాకెలా అంటగట్టావని నిలదీశాను. అతను నొచ్చుకున్నాడు.

"సార్, అది నడుస్తదని నేనన్ననా? నూకితె పోతదని మీరె కూసోని చూసిండ్రు గద" అన్నాడు.

ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించలేదు. ఇంజన్‌కు తెలిసింది వెనక్కి పోవడమే. ముందుకు పోయిందంటే అది జనం తోస్తేనే. పోశం నాకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. మనకు చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు.

సరే, ఇంత గొప్ప కారును నేనొక్కణ్ణే అనుభవించడం న్యాయం కాదు కాబట్టి అమ్మకానికి పెడుతున్నాను. వాకిట్లోనే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. నెట్టడానికి మనుషులను మాత్రం మీరే తెచ్చుకోవాలి. నాది ఒకటే షరతు. తీసుకుంటానని మాటిచ్చి వెనక్కి పోకూడదు.

మాటిచ్చి వెనక్కి పోయేది మాకు ఒకటి ఇప్పటికే ఉంది. అది ఢిల్లీలో ఉంది. దాన్ని తోసీ తోసీ మా చేతులు కాయలు కాచాయి. మా మనవరాలు నడక నేర్చేలోపైనా అది ముందుకు కదిలితే, కారు ఊరికే ఇచ్చేస్తాను!