ఇంటాయన చేతి చలవ

ఆ పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మేడ మెట్లెక్కి, వాటా అద్దెకిచ్చిన ఇంటాయనతో ఓవెన్ సంగతి తేల్చుకోవాలి, దిగొచ్చి కేకు పెట్టుకోవాలి. కాఫీ దగ్గరే ఆలస్యమైపోయింది. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే చాలు, ఆమెకు మెలకువలోనే కలలొచ్చేవి. కప్పులోంచి లేచిన ఆవిరి అద్దం మీద పరుచుకునేది, అవతల వీధి మెత్తబడిపోయేది, ఆ మెత్తదనంలోంచి మెల్లగా బజారు బేకరీ కనిపించేది.

బేకరీ గుమ్మం పక్కన ఒక అద్దాల అర ఉంది. లోపల చిన్న దీపం వెలుగుతుంటుంది. కొన్నాళ్లుగా అది ఖాళీ. పొగడ్త అంటే ఏమిటో ఎరగని బేకరీ యజమానురాలు కోడలు చేసిన కేకు ముక్క ఒకటి నమిలి, "పర్లేదు" అంది. "శనివారం మా అమ్మాయి పెళ్లిరోజు. మూడంతస్తుల కేకు చేసి సాయంత్రానికి తీసుకురా. నచ్చితే ఆ అర నీకే ఇస్తా. రోజూ నీ కేకులే పెట్టుకో." ఆ మాట విన్నప్పటినుంచి కోడలికి కాలు భూమ్మీద నిలవడం లేదు.

నిలవనిది ఇంకొకటి కూడా ఉంది, ఓవెన్‌లో వేడి. సామాన్లతో సహా అద్దెకు తీసుకున్న కింది వాటా అది. సామాన్లంటే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఓవెన్. ముగ్గురూ ముగ్గురే. ఫ్రిజ్‌లో దీపం నిద్రమత్తులో ఉన్న కన్నులా సగమే తెరుచుకునేది. వాషింగ్ మెషిన్ ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు అవసరమా అని ఆలోచనలో పడేది. ఓవెన్ గోరువెచ్చగా నవ్వి ఊరుకునేది. అందులో పెట్టిన కేకులు పొంగేవి కావు, చతికిలబడేవి.

మేడ మీద వాటాలో ఇంటాయన ఒక్కడే ఉంటాడు. అగ్నిమాపక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వయసంతా మంటల మధ్య గడిచినందుకో ఏమో, రిటైరయ్యాక ఆయనకు చలి పట్టుకుంది. పాతకాలపు పెద్ద హీటరొకటి కాళ్ల దగ్గర పెట్టుకుని పొద్దస్తమానం దాని ఎదురుగానే కూర్చుంటాడు.

"బాబాయిగారూ, ఓవెన్ వేడెక్కడం లేదండీ" అంది కోడలు.

"ఓవెనా? అది బంగారంలాంటి ఓవెనమ్మాయీ. సరే, చూద్దాం. నువ్వు దిగుతూ ఉండు, అన్నీ ఆపేసి వస్తా."

ఆయన గడప దాటితే అన్నీ ఆపేసే దాటుతాడు. విడివిడిగా స్విచ్‌లు నొక్కడం కూడా కాదు, తన వాటా మెయిన్ దించేస్తాడు. వీధి చివరికి పాలకు వెళ్లినా అంతే. ఎన్నో ఇళ్లు కాలిపోగా చూసినవాడికి ఆ మాత్రం జాగ్రత్త ఉండదా అని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇంటాయన వంటింట్లో అడుగుపెట్టి ఓవెన్ మీద చేయి వేశాడు. ఓవెన్ ఎర్రగా వెలిగింది. కోడలు దిగొచ్చి లోపల పెట్టగానే చతికిలబడ్డ కేకు చూస్తుండగానే నడుం నిటారుగా చేసుకుని లేచింది. పక్కన ఫ్రిజ్ గొంతు సవరించుకుని హుషారుగా గుర్రుమంది.

"ఏదమ్మా జబ్బు?" అన్నాడాయన.

ఆయన విజయగర్వంతో మేడెక్కాడు. కాసేపటికి ఓవెన్ మళ్లీ గోరువెచ్చబడింది. కేకు మళ్లీ కూర్చుంది.

మర్నాడూ అదే తంతు. ఆయన వస్తే వెలుగు, వెళ్తే నీరసం. మూడోసారి ఆయన ముఖం కాస్త ముడుచుకుని, "అమ్మాయీ, మీటలు తిప్పడం వచ్చా నీకు?" అన్నాడు. కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. శనివారం దగ్గరపడుతోంది. ఈ ఓవెన్‌ను నమ్ముకుంటే ఆ అద్దాల అరలో దీపం ఇంకెవరి కేకు మీదో వెలుగుతుంది.

ఇదంతా కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటూ గమనిస్తున్నది అత్తగారు. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా ముందు పల్స్ చూసి, తర్వాత నిర్ణయానికొస్తారు. ఒకసారి వచ్చిన నిర్ణయం ఇక మారదు.

"అది ఓవెన్ మహిమ కాదమ్మాయ్. ఆయన చేతి చలవ" అన్నారు సూదులు ఆపి. "మా వార్డులో ఒక డాక్టరుండేవాడు. మందు రాయక్కర్లేదు, గదిలోకి వస్తే చాలు, జ్వరాలు దిగిపోయేవి. కొందరి చేయి అంతే."

"అమ్మా, అది ఓవెన్. దానికి జ్వరమేమిటి?" అన్నాడు కోడలి భర్త. అతను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు.

"జ్వరం లేకపోవడమే కదరా దాని జబ్బు" అన్నారు అత్తగారు. అతను అద్దాలు తుడుచుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.

అందుకని ఆ ఇంట్లో కొత్త ఏర్పాటొకటి జరిగింది. కేకు ఓవెన్‌లో పెట్టే ముందు ఇంటాయన్ని పిలవాలి. ఓవెన్ పేరు ఎత్తితే చిరాకు పడుతున్నాడు కాబట్టి ఏదో ఒక వంక కావాలి. ఒకనాడు టీ. ఒకనాడు కేకు రుచి చూసి చెప్పమనడం. ఇంకోనాడు, "మా అత్తయ్యకు పొద్దుపోవడం లేదండీ, మీరొచ్చి ఆ అగ్నిప్రమాదాల కబుర్లు చెబితే వింటారు." కుర్చీలు వేసే చోటు ఒక్కటే, ఓవెన్ ఎదురుగా. అత్తగారి కుర్చీ పక్కన ఇంటాయన కుర్చీ.

ఆ మధ్యాహ్నాలను కోడలు తర్వాత చాలాకాలం తలుచుకుంది. కిటికీలోంచి వాలిన ఎండ బల్ల మీద పిండిని బంగారంగా మార్చేది. వెనిల్లా వాసన గది నిండా నెమ్మదిగా నడిచేది. ఫ్రిజ్ సన్నగా పాడుకునేది. ఇంటాయన ఏదో గోదాము తగలబడిన కథ మొదలుపెట్టి, నిచ్చెన సగం ఎక్కేసరికి కునుకులోకి జారుకునేవాడు. హీటరు లేకుండానే ఆయనకు అక్కడ వెచ్చగా ఉండేది. ఆయన లేస్తే ఓవెన్ పడుకుంటుంది కనుక అత్తాకోడళ్లు మునివేళ్ల మీద తిరిగేవారు. తలుపు గంట మోగకుండా కోడలు దానికి గుడ్డ చుట్టింది. ఆయన తల ఒరిగిపోకుండా అత్తగారు సగం అల్లిన శాలువా మడిచి కింద పెట్టేవారు. అది ఎవరికి అల్లుతున్నారో అడగాలని కోడలికి తోచలేదు. ఆమె చూపంతా ఓవెన్ అద్దం మీదే. అద్దం వెనక ఎర్రటి వెలుగులో కేకు పొంగుతుంటే, అది బజారులోని అద్దాల అరలాగే కనిపించేది.

కాబట్టి ఆమె కొన్ని సంగతులు చూడలేకపోయింది. ఇంటాయన మీసం కత్తిరించుకున్నాడు. చొక్కాలకు ఇస్త్రీ వచ్చింది. నర్సుగారు కదా అని మొదట్లో అత్తగారిని నోరారా "సిస్టర్, సిస్టర్" అని పిలిచేవాడు. ఉన్నట్టుండి ఆ పిలుపు మానేశాడు.

పాపం, ఆయన వైపునుంచి కూడా చూడాలి. ఒంటరివాడు. రోజూ మధ్యాహ్నం కబురొస్తోంది. వెళ్తే టీ ఇస్తున్నారు, కేకు పెడుతున్నారు, పెద్దావిడ పక్కన కూర్చోబెట్టి, లేస్తానంటే బతిమాలి ఆపుతున్నారు. తల కింద శాలువా పెడుతున్నారు. ఇంతమంది ఇంత పట్టుదలగా ఇదంతా ఓవెన్ కోసం చేస్తారని ఏ మనిషికి తోస్తుంది? ఈ వయసులో ఇదేమిటని మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఈ వయసులో తప్పేమిటనుకున్నాడు. శనివారం నోరు తెరిచి అడిగేద్దామని నిర్ణయించుకున్నాడు.

శనివారం పొద్దున్నే కోడలు గిన్నెడు పిండి గిలక్కొట్టి, మూడు పళ్లేల్లో పోసి, ఓవెన్‌లో పెట్టి పిలిచింది. "బాబాయిగారూ, త్వరగా రావాలి."

ఆయన త్వరగానే వచ్చాడు. నీలం చొక్కా మడత నలగకుండా, అత్తరు ఘుమఘుమలాడుతూ, దారిలో నాలుగుసార్లు గొంతు సవరించుకుంటూ వచ్చాడు. అంత కంగారులో వచ్చినవాడు గడప దాటుతూ ఎప్పుడూ అనే "అన్నీ ఆపేసి వస్తా" అన్న మాట అనలేదు.

కుర్చీలో కూర్చున్నాడు. ఓవెన్ వెలగలేదు.

కోడలు మీట తిప్పింది. మళ్లీ తిప్పింది. అద్దం వెనక మూడు పళ్లేలూ చీకట్లో చల్లగా కూర్చున్నాయి. "అత్తయ్యా" అంది, మీట వదలకుండానే. "బాబాయిగారు వచ్చినా వెలగడం లేదు."

అత్తగారు ఊలు పక్కన పెట్టి లేచారు. నేరుగా వచ్చి ఇంటాయన మణికట్టు పట్టుకున్నారు. కళ్లు మూసుకుని లెక్కపెట్టారు. "ఎందుకిలా కొట్టుకుంటోంది?" అన్నారు.

"నాకూ తెలుస్తోంది" అన్నాడాయన. "ఈరోజు మీతో ఒక మాట చెబుదామనే వచ్చాను."

"మాట తర్వాత. ముందు ఇక్కడ చేయి పెట్టండి" అని అత్తగారు ఆ చేతిని తీసుకెళ్లి ఓవెన్ తలుపు మీద ఆనించి, తన చేత్తో నొక్కి పట్టుకున్నారు.

ఇంటాయన ఆ చేతి వంక చూశాడు. తన జీవితంలో ఇంత సులువుగా ఏదీ జరగలేదు. "అయితే మీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

"దేనికి?" అన్నారు అత్తగారు.

అప్పుడే వంటింట్లోకి సన్నగా కాలిన వాసన వచ్చింది. కోడలి ముఖం వెలిగిపోయింది. "వెలిగింది, అత్తయ్యా. కాలుతోంది, కాలుతోంది" అంది.

ఇంటాయన ముక్కు ఎగబీల్చాడు. మరుక్షణం ఆయన ముఖంలోంచి పెళ్లికళ పోయి ఉద్యోగం వచ్చేసింది. "ఇది కేకు కాదు" అన్నాడు. "నూలు గుడ్డ." తలెత్తి పైకి చూశాడు. "నా నూలు గుడ్డ."

ఆ వయసులో ఆయన అన్ని మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. వెనకాలే అత్తగారు నీళ్ల బకెట్‌తో పరుగెత్తారు. "నీళ్లొద్దు, నీళ్లొద్దు, మెయిన్ దించాలి" అని పైనుంచి కేక వినిపించింది. తర్వాత టక్కుమని ఒక చప్పుడు.

కింద ఓవెన్ భగ్గున వెలిగింది. ఫ్రిజ్ దీపం పూర్తిగా కన్ను తెరిచింది. ఎప్పటివో బట్టలు కడుపులో పెట్టుకుని ఆలోచిస్తున్న వాషింగ్ మెషిన్ ఒక నిర్ణయానికొచ్చి గిరగిరా తిరగసాగింది. కోడలు మూడింటినీ చూసింది, పైకప్పు వంక చూసింది. అంత కలలు కనే మనిషికి కూడా అప్పుడు సంగతి అర్థమైంది. రెండు వాటాలకూ వచ్చేది ఒకటే తీగ. పైన హీటరు తాగినంత తాగి వదిలితే కిందికి వచ్చే కరెంటు ఆ చుక్కలే.

కాసేపటికి ఇద్దరూ దిగొచ్చారు. ఇంటాయన చేతిలో ఇస్త్రీ బల్ల మీది దుప్పటి, మధ్యలో ఇస్త్రీ పెట్టె ఆకారంలో పెద్ద చిల్లు. ఎన్నో ఊళ్ల మంటలార్పినవాడు సొంత ఇంట్లో ఇస్త్రీ పెట్టె మరిచిపోయి వచ్చాడు. ఆ చిల్లులోంచి నేల వంక చూస్తూ నిలబడ్డాడు. కోడలు తీగ సంగతి చెప్పింది, చేతి చలవ సంగతీ చెప్పక తప్పలేదు.

"అంటే, రోజూ పిలిచింది ఓవెన్ కోసమా?" అన్నాడాయన.

కోడలు ఓవెన్ అద్దం తుడవసాగింది.

"ఇందాక నా చేయి పట్టుకుంది?"

"పల్స్ చూశాను" అన్నారు అత్తగారు. కానీ ఆవిడ గొంతు ఎప్పటిలా లేదు.

ఆయన తలూపాడు. "వయరింగ్ మనిషిని పంపిస్తా, అమ్మాయీ. మీ వాటాకు విడిగా తీగ వేయిస్తా. తప్పు నాదే" అని, దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు. కేకు పూర్తయ్యేదాకా హీటరు వేసుకోలేదు. శాలువా కుర్చీ వీపు మీదే ఉండిపోయింది.

మూడంతస్తుల కేకు నిలువునా పొంగింది. సాయంత్రం బేకరీ యజమానురాలు ఒక ముక్క నమిలి, చాలాసేపు ఆలోచించి, "బాగుంది" అంది. అర తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

కొత్త తీగ వచ్చాక కింది వాటాలో అన్నీ పద్ధతిగా పనిచేశాయి. ఓవెన్ పిలిచినప్పుడల్లా వెలిగింది. కోడలి కేకులు అద్దాల అరలో, దీపం కింద, కలలో ఎలా కనిపించాయో అలాగే కూర్చున్నాయి. ఇంటాయన్ని పిలవాల్సిన పని లేకపోయింది. మధ్యాహ్నాలు ఎండ ఎప్పటిలాగే బల్ల మీద వాలేది. ఖాళీ కుర్చీ మీద కూడా వాలేది. అత్తగారు శాలువా పూర్తి చేసి, విప్పి, మళ్లీ మొదలుపెట్టారు. అది చూసి కోడలికి గుండె చివుక్కుమంది. ఎవరి ఓవెన్ వెలగడానికి ఎవరు వెచ్చదనం పోగొట్టుకున్నారో అప్పుడు తెలిసింది ఆమెకు.

ఒకరోజు కోడలు బేకరీనుంచి తిరిగొచ్చేసరికి అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఫ్రిజ్ చల్లబడటం లేదమ్మాయ్. ఇంటాయన్ని ఒకసారి పిలు" అన్నారు, ఎటో చూస్తూ.

కోడలు ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసింది. ప్లగ్గు గోడలోంచి ఊడి, దుమ్ము అంటకుండా మడిచి పెట్టిన రుమాలు మీద జాగ్రత్తగా పడుకుని ఉంది. కోడలు దాన్ని ముట్టుకోకుండా మేడెక్కింది.

ఇంటాయన నీలం చొక్కా వేసుకుని దిగొచ్చాడు. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, రెండో చేతిలో, ఎందుకైనా మంచిదని, ఇస్త్రీ పెట్టె. ఫ్రిజ్ వెనక్కి వంగి చూశాడు. రుమాలు చూశాడు. అత్తగారి వంక చూశాడు. ప్లగ్గును అలాగే వదిలేసి, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది చాలా పెద్ద రిపేరమ్మాయీ" అన్నాడు. "రోజూ వచ్చి చూస్తే తప్ప తేలదు."