చాటుగా తీయలేని ఫోన్

ఫోన్ గొడవ తొమ్మిదో రోజులో పడింది. ఆ ఉదయం రొట్టె తుంచుతూ జువైనా దాన్ని నిన్న ఆపిన చోటి నుంచే అందుకుంది.

"ప్రపంచంలో ఇన్ని ఫోన్లుండగా మీకు ఇదే దొరికిందా?"

"మంచి ఫోన్ అది," అన్నాడు ఖల్ఫాన్, తేనె గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "కెమెరా ఎంత బాగుంటుందో చూడు."

"చూడక్కర్లేదు. వీధి చివరిదాకా వినబడుతోంది."

ఖల్ఫాన్ సూర్ పట్నంలో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటులో సూపర్‌వైజరు. మూడు వారాల శిక్షణకని జపాన్ పంపిస్తే, ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి భార్య అడక్కుండానే ఆమెకొక బహుమానం తెచ్చాడు. దాని ఛార్జరు పిన్నులు ఇంట్లో ఏ ప్లగ్గులోనూ దూరకపోతే అడాప్టరు కొన్నారు. తెరమీద అంతా జపాను రాతలుంటే కూతురు అసీలా అరగంట కూర్చుని అరబ్బీలోకి మార్చింది. మారనిది ఒక్కటే. ఫొటో తీసినప్పుడల్లా అది "ఖచక్" మని అరుస్తుంది. శబ్దం తగ్గించినా అరుస్తుంది, మొత్తం ఆపేసినా అరుస్తుంది. మొన్న చేపల బజారులో వంజరం బాగుందని చెల్లెలికి చూపిద్దామని ఫొటో తీసింది జువైనా. చేపలాయన గడ్డం సవరించుకుని, "ఇంకోటి తియ్యండమ్మా, కళ్ళు మూసుకున్నాను" అన్నాడు.

ఫోన్లు బాగుచేసేవాడి దగ్గరికి కూడా తీసుకువెళ్ళింది. అతను గంటసేపు కుస్తీపట్టి, "ఈ చప్పుడు దీని పుట్టుకలోనే ఉందమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు. పోనీ కొనుక్కోమంటే, ఇలా కేకలేసేదాన్ని షాపులో పెట్టుకోనన్నాడు.

"అక్కడ అమ్మే ఫోన్లన్నీ అంతే," అన్నాడు ఖల్ఫాన్ ఇప్పుడు. "చాటుగా ఎవరూ ఎవర్నీ ఫొటో తీయకుండా ఆ ఏర్పాటు."

"అంటే నన్ను చూసి, ఇది చాటుగా ఫొటోలు తీసే మనిషి అనుకుని కొన్నారన్నమాట."

ఖల్ఫాన్ పెద్ద ముక్క తుంచి తేనెలో ముంచి నోరు నింపుకున్నాడు. 

"ఫొటో తియ్యకపోయినా అరుస్తుందది," అన్నాడు పెద్ద కొడుకు హుమైద్, ఆఫీసుకు బయల్దేరుతూ. "అమ్మ దాన్ని రోకలి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. పక్కనున్న రెండు బటన్లూ కలిసి నొక్కుకుపోతాయి. తెరమీద ఏముంటే అది ఫొటో తీసేసి, ఖచక్!"

అసీలా మాత్రం నవ్వలేదు. "అమ్మా, ఇవాళ దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళకూడదూ?"

"మరి మీ నాన్నని కారు తెమ్మని గోడెక్కి పిలవనా?"

ఇవాళ సాయంత్రం నాలుగింటికి షమ్సా గారింట్లో గోరింటాకు వేడుక. పెళ్ళికూతురు షమ్సా కూతురు రుఖయ్యా. షమ్సా కొడుకు ముహన్నద్‌కి అసీలానిస్తే బాగుంటుందని రెండిళ్ళలోనూ అనుకుంటున్నారు. కానీ నికా తేదీ మాత్రం షమ్సా నోటి నుంచి ఇంకా రాలేదు. అసీలా ఆ తేదీ కోసం ఎంతగా ఎదురుచూస్తోందంటే, ఇవాళ తల్లి కట్టుకోబోయే బట్టలు తనే రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ఆడవాళ్ళు ముసుగులు తీసేసి, జుట్టు విరబోసుకుని, నగలు పెట్టుకుని కూర్చునే వేడుక అది. రెండేళ్ళ కిందట అలాంటిచోట ఎవరో తీసిన ఫొటో మగవాళ్ళ ఫోన్లలో తిరిగింది. తీసినావిడను ఊళ్ళో ఇప్పటికీ ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు.

"ఇంకో మాట," అన్నాడు ఖల్ఫాన్ నోరు ఖాళీ అయ్యాక. "అక్కడ హరీస్ పెడతారు."

"తెలుసు."

"బాగుందను."

"అంటానన్నానుగా!"

*

గుమ్మం దగ్గర షమ్సా అక్క రాయా కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతిలో ఆకుపచ్చ గుండ్రటి స్టిక్కర్ల చుట్ట. వచ్చినవాళ్ళ ఫోన్ తీసుకుని, ముందూ వెనకా కెమెరా కళ్ళకు అవి అతికించి మరీ లోపలికి పంపుతోంది. చెక్‌పోస్టులో కూడా అంత శ్రద్ధగా చూడరు.

"దీనికి వెనకే మూడున్నాయే!" అంది రాయా జువైనా ఫోన్ తిప్పి చూస్తూ.

"జపాన్‌ది," అంది జువైనా. తొమ్మిది రోజులుగా తిడుతున్న ఫోన్ గురించి ఆ మాట అంత గర్వంగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

రాయా మూడు కళ్ళ మీదా ఒకే పెద్ద స్టిక్కరు వేసి నొక్కింది. లోపలికి అడుగు పెట్టగానే ఎవరో జువైనా అరచేతుల్లో ఊద్ అత్తరు ఒంపారు. ఆ నూనె చేతులతోనే ఫోన్ పట్టుకుని బ్యాగులో వేసుకుంది. పెళ్ళికూతురికి తెచ్చిన ధూపం పెట్టె, రుమాలు, తాళాల గుత్తి అప్పటికే ఆ బ్యాగులో ఊపిరాడకుండా ఉన్నాయి.

జువైనాకు మంచి చోటే దొరికింది. షమ్సా అత్తగారు షరీఫా అవ్వ పక్కన. డోలు మోగుతోంది, పాటలు పాడుతున్నారు. నడుమ దిండ్ల మీద రుఖయ్యా రెండు చేతులూ చాపి కూర్చుంటే గోరింటాకు పెడుతున్నారు. గోధుమలూ మాంసమూ వెన్నలా మెత్తబడేదాకా ఉడికించి కలియబెట్టాల్సిన హరీస్ వచ్చింది. జువైనా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. గోధుమలు పంటికింద కరకరలాడాయి.

"ఎలా ఉంది?" అంది షమ్సా.

"చాలా బాగుంది," అంది జువైనా, నమలడం అయ్యాక.

అప్పుడే ఒళ్ళోని బ్యాగు గుర్రుమంది. ఏదో మెసేజీ. ఇప్పుడు తీసి చూస్తే మర్యాదగా ఉండదని జువైనా బ్యాగుని మోచేత్తో గట్టిగా అదుముకుంది.

ఖచక్!

డోలు ఆగిపోయింది. పాట సగంలో తెగింది. నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా ముసుగులు లాక్కున్నారు. రెండు చేతులా పచ్చి గోరింటాకుతో ఉన్న రుఖయ్యా ఏదీ లాక్కోలేక దిండు వెనక్కి దొర్లింది.

"ఎవరు తీశారు ఫొటో?" గుమ్మం దగ్గర్నుంచి రాయా గొంతు ఖంగుమంది.

 అయ్యో, ఇంకోసారి అరవకుండా చూడాలి అనుకుని జువైనా బ్యాగుని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

ఖచక్! ఖచక్!

"బ్యాగులోంచే తీస్తోంది!" అన్నారెవరో.

"బ్యాగుకి బెజ్జం పెట్టిందేమో చూడండే!"

"లేదమ్మా, బటన్లు నొక్కుకున్నాయి, అంతే, అది తెరని..." అంటూ జువైనా బ్యాగు తెరిచేలోపే రాయా వచ్చి చెయ్యి పెట్టి ఫోన్ బయటికి లాగింది. వెనక్కి తిప్పింది. మూడు కళ్ళూ నిక్షేపంగా తెరుచుకుని ఉన్నాయి. స్టిక్కరు లేదు.

"చూశారా? పీకేసింది!"

బ్యాగు బోర్లించారు. ఆకుపచ్చ స్టిక్కరు రుమాలు మడతలో అంటుకుని ఉంది.

"పీకి, రుమాల్లో దాచింది కూడా," అంది రాయా.

"అత్తరు చేతులకి జారిపోయింది రాయా! నమ్ము!"

ఎవరూ నమ్మినట్టు లేరు. జువైనా షమ్సా వైపు చూసింది. షమ్సా నేల చూపులు చూస్తోంది. ఆ మొహంలో కోపం ఉన్నా బాగుండేది. ఇంత మంచి సంబంధం అనుకున్నామే, అన్న దిగులు మాత్రమే ఉంది. ఇంటికి వెళ్ళి అసీలాకి ఏమని చెప్పాలి? నీ పెళ్ళి మీ నాన్న తెచ్చిన ఫోన్ చెడగొట్టిందనా? జువైనాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతోబాటు కోపమూ వచ్చింది.

"షమ్సా, ఒక్క మాట విను. దొంగఫొటో తీయాలనుకుంటే, సూర్ మొత్తంలో కేకలేసే ఫోన్ ఒక్కటుంటే, ఏరికోరి దాన్నే తెచ్చుకుంటానా? నువ్వైతే తెచ్చుకుంటావా?"

ఆ మాటకు గదిలో గుసగుసలు సద్దుమణిగాయి.

"ఇటివ్వండి దాన్ని," అంది షరీఫా అవ్వ. అంతవరకూ ఆవిడ ఖర్జూరం గింజ తీసే పనిలో ఉంది. "ఏదీ, ఈ కాఫీ కూజాని తియ్యి."

జువైనా తీసింది. ఖచక్.

"ఇప్పుడు చప్పుడు కాకుండా తియ్యి."

"అవదవ్వా. ఎవరివల్లా కాదు."

రాయా ఊరుకోలేదు. ఫోన్ లాక్కుని శబ్దం తనే పూర్తిగా ఆపేసింది. ఖచక్. కూజాని మళ్ళీ తీస్తూ ఫోన్ మీద దిండు అదిమిపెట్టింది. దిండు కింద నుంచి కూడా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టుగా, ఖచక్. చిన్నకోడళ్ళు ముసుగుల వెనక నవ్వాపుకోలేకపోయారు.

"అక్కడ అన్నీ ఇంతేట," అంది జువైనా. "ఎవరూ చాటుగా ఆడవాళ్ళ ఫొటోలు తీయకూడదని."

"బుద్ధిమంతులు," అంది అవ్వ. "రాయా, నువ్వు అతికించాల్సింది దీనికి కాదే. నోరు మూసుకుని పని కానిచ్చేస్తాయే, మీ ఫోన్లన్నీ, వాటికి."

జువైనా ఊపిరి పీల్చుకోబోయింది.

"ఆగండాగండి," అంది రాయా. "మూడుసార్లు అరిచిందిగా? ఏం తీసిందో చూడొద్దూ?"

షమ్సా ఫోన్ తీసుకుని చూసింది. కూజావి కాక మూడు ఫొటోలు. మూడింట్లోనూ ఫోన్ తెరే, తెరమీద ఒకటే మెసేజీ. "ఖల్ఫాన్ గారిది," అంది.

"ఏం రాశాడు? చదువు," అంది అవ్వ.

మొదటి మాట కంటబడగానే జువైనా ఫోన్ కోసం చెయ్యి చాపింది. "వద్దు షమ్సా, అది ఇంటి సంగతి!"

"ఇంటి సంగతైతే గట్టిగా చదువు," అంది అవ్వ.

షమ్సా చదివింది. "'హరీస్ పెట్టారా? ఏమీ అనకు. పోయిన ఈద్‌కి వాళ్ళ హరీస్ గురించి అన్నది చాలు. అసీలా పెళ్ళి కుదిరేదాకా బాగుందను. తర్వాత నీ ఇష్టం.'"

ఈసారి ముసుగులు ఎవరూ లాక్కోలేదు. ఉన్నవి కూడా తీసి మరీ చూస్తున్నారు.

"ఈద్‌కి ఏమన్నావు జువైనా?" అంది షమ్సా.

అబద్ధం చెబుదామంటే ఒక్కటీ నోటికి రాలేదు. ఇంత జరిగాక ఇంకా పోయేదేముంది అనుకుంది. "ఆ గోధుమలు ఇంకా చేలోనే ఉన్నామనుకుంటున్నాయన్నాను."

 షరీఫా అవ్వ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆవిడ నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి ఎక్కింది. "పదకొండేళ్ళుగా తింటున్నా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఉన్న నాలుగు పళ్ళూ దీంతోనే అరిగిపోయాయే!" అంతే, గదంతా ఒక్కసారి భళ్ళుమంది.

నవ్వనిది రాయా ఒక్కతే.

షమ్సా జువైనా చెవి దగ్గరికి వంగింది. "నేను చేస్తాననుకున్నావా అది? మా అక్క చేస్తుంది. బాగోలేదని చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

అప్పటికే రాయా నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. "అంత తెలిసినదానివి, నువ్వే చెయ్యి!"

"చేస్తాను," అంది జువైనా బెదిరిపోయి. "ఎప్పుడు చెయ్యమంటావు?"

"నికాకి! రాత్రంతా కూర్చుని కలియబెట్టు, అప్పుడు తెలుస్తుంది!"

"ఏ నికాకి?"

"ఇంకే నికా? మీ అసీలాది! పైనెల మొదటి గురువారం!"

"అక్కా!" అంది షమ్సా తల పట్టుకుని. "ఆ మాట కాఫీలయ్యాక నేను చెబుదామనుకున్నా కదా! హల్వా కూడా తెప్పించాను."

జువైనాకి ఆ తర్వాత ఎవరేమన్నారో సరిగ్గా వినబడలేదు. ఎవరో గొంతెత్తి కిలకిలారావం చేశారు, నలభై గొంతులు అందుకున్నాయి. తను ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా రాయాని కౌగిలించుకుంది. రాయా కాసేపు కర్రలా నిలబడి, తర్వాత వీపు మీద రెండుసార్లు తట్టింది. రెండోది కొంచెం గట్టిగానే తగిలింది.

"ఇంకేం, ఫొటోలు తియ్యి," అంది అవ్వ. "మనవరాలి గోరింటాకు ఒక్క ఫొటోలోనూ లేకుండా పోతుందని నేను దిగులుపడుతున్నా. ఇష్టం లేనివాళ్ళు మొహం కప్పుకోండి. ఎలాగూ చెప్పే తీస్తుందిగా అది."

పొద్దువాలేదాకా ఆ ఇంట్లో ఖచక్, ఖచక్ మని వినబడుతూనే ఉంది. ప్రతి చప్పుడుకూ కొందరు కప్పుకున్నారు, ఎక్కువమంది నగలు సర్దుకున్నారు. రాయా మాత్రం ఎడమవైపు నుంచి తీస్తేనే ఒప్పుకుంది.

*

భోజనాల దగ్గర ముగ్గురూ జువైనా మొహమే చూస్తున్నారు. వీధిలో కారు ఆపుకుని కూర్చున్న ఖల్ఫాన్‌కి లోపలి కిలకిలారావాలు వినబడ్డాయి గానీ, దారిపొడుగునా ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. అసీలా పళ్ళెంలో అన్నం కదపలేదు.

"పైనెల మొదటి గురువారం," అంది జువైనా చేప ముల్లు తీస్తూ. "హరీస్ నేను చేస్తున్నాను."

అసీలా లేచి వచ్చి తల్లి భుజంలో మొహం దాచుకుంది. హుమైద్ బల్ల మీద డోలు వాయించాడు. ఖల్ఫాన్ "నా మెసేజీ పనిచేసిందన్నమాట" అన్నాడు.

"చేసింది," అంది జువైనా. "ఫోన్ ఇక అమ్మడం లేదు. అలాంటివి ఇంకో మూడు కావాలిట, అవ్వకొకటి, షమ్సాకొకటి, రాయాకొకటి."

"అంటే నాన్న మళ్ళీ వెళ్ళాలా?" అన్నాడు హుమైద్.

"పెళ్ళయ్యాక మళ్ళీ శిక్షణ ఉందిగా. ఈసారి నేనూ వెళుతున్నా. ఏం కొంటారో దగ్గరుండి చూసుకోవాలి," అంది జువైనా నెమ్మదిగా, చేప ముక్క అసీలా పళ్ళెంలో వేస్తూ.

తనకు మళ్ళీ శిక్షణ ఉందన్న సంగతి ఖల్ఫాన్‌కు కూడా అప్పుడే తెలిసింది.