తలకిందుల పరీక్షలో నెగ్గిన క్లిప్పు

నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోవాలంటే దాని మేడలకేసి కాదు, దాని వాహనాల అడుగుభాగానికేసి చూడాలి. అయితే అక్కడ చూడాలంటే వంగాలి. వంగే ఓపిక ఎవరికీ లేదు గనుక నాగరికత మీద మనకున్న సదభిప్రాయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

వంగి చూసినవారికి అక్కడ కనిపించేది ఒక నల్లటి ప్లాస్టిక్ కవరు. రోడ్డు మీది బురద, నీళ్లు, గులకరాళ్లు ఇంజను మీదికి చిమ్మకుండా అది అడ్డుపడుతుంది. ఆ కవరును కారుకు పట్టి ఉంచేవి బొటనవేలంత ప్లాస్టిక్ క్లిప్పులు. క్లిప్పు కాళ్లను రంధ్రంలోకి దూర్చి, మధ్యలో ఉన్న పిన్నును నొక్కితే ఆ కాళ్లు విచ్చుకుని లోపల బిగుసుకుంటాయి. ఇంతకు మించి దాని జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ ఉండదు, ఉండకూడదు. ఊడిపోయిన రోజున మాత్రమే లోకం దాని ఉనికిని గుర్తిస్తుంది (ఈ విషయంలో క్లిప్పుకూ ఇంటి ఇల్లాలికీ పెద్ద తేడా లేదు గాని, అది వేరే విభాగం పరిధిలోని అంశం).

అటువంటి క్లిప్పులను రూపొందించే డిజైనరుగా ఆమె ఒక కార్ల కంపెనీలో చేరింది. ఆమె కూర్చునే గదిని అధోభాగ బంధన విభాగం అంటారు. తోటివారు ఆమెను మొదట వెక్కిరింపుగా, తరువాత అలవాటుగా క్లిప్పమ్మ అన్నారు. కొంతకాలానికి గేటు దగ్గరి కాపలాదారు ఆమె గుర్తింపు కార్డు మీది అసలు పేరు చూసి, ఇదెవరిదమ్మా, దొరికితే ఆఫీసులో ఇచ్చెయ్యకూడదా అని మందలించేదాకా వచ్చింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసే ఉత్తర్వు టైపై, సంతకం ఒక్కటీ మిగిలి, విభాగాధిపతి సొరుగులో నడుంనొప్పి మాత్రల పక్కన పడి ఉండేది. ఆ అధిపతి నడుం వంచలేని మనిషి. తన సర్వీసు మొత్తంలో ఏ కారు అడుగుభాగాన్నీ కళ్లారా చూడలేదు. అందువల్లనే వాటన్నిటి పట్లా నిష్పక్షపాతంగా ఉండగలుగుతున్నానని ఆయన చెప్పుకునేవారు.

ఆమె అక్కాబావల ఇంట్లో పైగదిలో ఉండేది. బావగారు అద్దె కారు నడుపుతారు. ఆ కారు కూడా ఆ కంపెనీదే, పాత మోడలు. దాని కింది కవరు ఒక మూల ఊడి వేలాడుతుంటే ఆయన బట్టలారేసుకునే తీగతో కట్టుకున్నారు. ఒక ఆదివారం పొద్దున ఆమె చాప పరుచుకుని ఆ కారు కిందికి దూరింది. బావగారు పక్కనే గొంతుక్కూచుని టీ తాగుతూ వినోదం చూస్తున్నారు.

"ఏమ్మా మరదలా, కారుతోపాటు మూరెడు తీగ కూడా ఇచ్చుంటే మీ కంపెనీవాళ్ల సొమ్మేం పోయేది?"

"ఇది పాతది బావగారూ. కొత్తదానికి క్లిప్పు చేస్తున్నది నేనే."

"అయితే మరీ భయం. పోయినేడు నా చొక్కాకి నువ్వు కుట్టిన బొత్తం కోసం ఇంకా వెతుక్కుంటున్నాను."

వంటింటి కిటికీలోంచి అక్క, ఆయన కారు కింద పడుకుంటే రిపేరంటారు, నువ్వు పడుకుంటే ఉద్యోగమంటావు, ఇద్దరిలో ఎవరికో ఒకరికి నిద్ర చాలడం లేదు అంది. ఆ నవ్వులు సద్దుమణిగాక బావగారు గ్లాసు కింద పెట్టి, ఆ కవరు మొన్న నడిరోడ్డు మీద సగం జారిందని, వెనకాల బండివాడు చూసి పక్కకి తప్పుకున్నాడని చెప్పారు. "చూశాడు గనక సరిపోయింది. చూడకపోయుంటే వాడు నా కవరు మీదికెక్కి, వాడి మీదికి ఇంకొకడెక్కి..." అని ఆగిపోయారు. ఆయన మాట పూర్తి చెయ్యకుండా వదిలేయడం ఆమె అంతకుముందు చూడలేదు.

అప్పటినుంచీ ఆమె తన క్లిప్పును పట్టుదలగా రూపొందించింది. నాలుగు బలమైన కాళ్లు, విచ్చుకున్నాక వెనక్కి జారకుండా ఒక్కో కాలికి ఒక చిన్న గట్టు. నమూనా తయారుచేసి పొదుపు విభాగానికి పంపింది. పొదుపు విభాగంవారు మర్యాదగా ఒకే ప్రశ్న వేశారు: ఇప్పుడున్న రెండు కాళ్ల క్లిప్పు ప్రతి పరీక్షలోనూ నెగ్గుతుండగా మూడో కాలు దేనికి, నాలుగోది ఎవరికోసం? ప్రశ్న న్యాయమైనదే. పరీక్షలో నెగ్గిన క్లిప్పు బావగారి కారుకు ఎందుకు నిలవలేదో తెలుసుకుందామని ఆమె పరీక్ష గదికి వెళ్లింది.

అక్కడ ఇనుప స్టాండు మీద కారు వెల్లకిలా పడుకుని ఉంది. నాలుగు చక్రాలూ కప్పుకేసి చూస్తున్నాయి. అడుగుభాగం బల్లలా పైకి వచ్చి ఉంది. ఒక మూల టీ గ్లాసులు, మరో మూల పరీక్షాధికారి కళ్లజోడు. నల్ల కవరు తన బరువుతో తానే కారు మీద హాయిగా ఆనుకుని ఉంది. కింద యంత్రం కారును గడగడలాడించింది. కవరు కదల్లేదు. అది పడిపోవాలన్నా పడడానికి చోటు లేదు.

"కారు తిరగేసి ఉందేంటి సార్?" అంది ఆమె.

"తిరగేసి లేదమ్మా. పరీక్షా స్థితిలో ఉంది" అన్నారు మెడకు పట్టీ కట్టుకున్న పరీక్షాధికారి.

దీనికి కారణం ఉంది; ఆ కంపెనీలో కారణం లేకుండా ఏదీ జరగదు. పూర్వం కారును మామూలుగా పైకి లేపి, కింద నిలబడి, మెడెత్తి పరీక్షించేవారు. మెడలు పట్టేసేవి. వైద్యుడు మెడెత్తవద్దన్నాడు. దానిమీద మెడ సంరక్షణ ఉత్తర్వు వెలువడింది: విధి నిర్వహణలో ఏ ఉద్యోగి చూపూ భుజాల ఎత్తు దాటరాదు. మెడలను మార్చడం కుదరదు గనుక కారును మార్చారు. కారును తిరగేసినందువల్ల ప్రతి క్లిప్పూ నెగ్గసాగింది. ప్రతి క్లిప్పూ నెగ్గుతున్నందువల్ల పొదుపు విభాగం ఆరు కాళ్లను నాలుగు చేసింది, నాలుగింటిని రెండు చేసింది. ఒకసారి పొరపాటున క్లిప్పులు పెట్టడం మరిచిపోయి పరీక్షించారు, అదీ నెగ్గింది. (ఆ ఫలితం ఆధారంగా క్లిప్పులను పూర్తిగా తొలగించవచ్చునన్న ప్రతిపాదన కూడా ఒకటి వచ్చింది గాని, అలా చేస్తే అధోభాగ బంధన విభాగానికి పని ఉండదని మానవతా దృష్టితో తోసిపుచ్చారు.)

రోడ్డు మీద కార్లు ఇలా వెళ్లవు కదా సార్ అని ఆమె అడిగితే, రోడ్డు తమ విభాగం కిందికి రాదని ఆయన నెమ్మదిగా చెప్పారు.

ఆమె చక్రాలు కిందికి పెట్టి పరీక్షించాలని అర్జీ పెట్టుకుంది. అర్జీ సహేతుకంగా ఉన్నందువల్ల దానిమీద వెంటనే నిర్ణయం తీసుకోవడం సాధ్యం కాలేదు. కవరు కిందికి పడడానికి కారణం గురుత్వాకర్షణ అని ఆమె రాసింది గనుక, కంపెనీలో గురుత్వాకర్షణ బాధ్యత ఎవరిదో తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. బరువు తమదే గాని పడిపోవడం తమది కాదని బరువుల విభాగం చెప్పింది. సరుకు లారీ ఎక్కించేటప్పుడు పడితే తమ బాధ్యత, ఆ తరువాత పడితే దేవుడి బాధ్యత అని రవాణా విభాగం చెప్పింది. న్యాయ విభాగం పాత దస్తావేజులన్నీ తిరగేసి, కంపెనీ ఏనాడూ గురుత్వాకర్షణతో ఒప్పందం కుదుర్చుకోలేదనీ, కాబట్టి దానికి కట్టుబడవలసిన పని లేదనీ తేల్చింది. చివరికి, అడిగిన మనిషి ఇంకా ఖాయం కాని ఉద్యోగి, ఒకసారి చేసి చూపిస్తే నోరు మూసుకుంటుంది అన్న వాదన నెగ్గి, పరీక్షకు అనుమతి వచ్చింది.

పరీక్ష చాలా సక్రమంగా జరిగింది. కారును చక్రాల మీద నిలబెట్టి పైకి లేపారు. రెండు కాళ్ల క్లిప్పులు బిగించారు. యంత్రం ఆడింది. పరీక్షాధికారి నియమం ప్రకారం తల వంచుకుని, కారు కింద కుర్చీలో కూర్చుని, వివరాలు రాసుకుంటున్నారు. క్లిప్పులు ఒకదాని తరువాత ఒకటిగా, ఏ గొడవా చెయ్యకుండా జారుకున్నాయి. కవరు దిగి వచ్చి ఆయన మెడ మీద వాలింది.

విచారణ జరిగింది. ప్రమాదానికి కారణం కారును నిలబెట్టిన తీరే అని ఏకగ్రీవంగా తేలింది. దానిమీద కొత్త ఉత్తర్వు వచ్చింది: చక్రాలు కిందికి ఉన్న కారు మనుషులకు ప్రమాదకరమని నిరూపితమైనందున, ఫ్యాక్టరీ ఆవరణలో ఆ స్థితిలో ఉన్న కారు దరిదాపులకు సిబ్బంది ఎవరూ వెళ్లరాదు. (రోడ్ల మీద తిరిగేవారు సిబ్బంది కిందికి రారు గనుక వారికి ఈ నిషేధం వర్తించదు.)

అధిపతి ఆమెను పిలిపించారు. రెండు కాళ్ల క్లిప్పుకు డిజైనరు ధ్రువీకరణ కాగితం బల్ల మీద ఉంది.

"చూడమ్మా, నువ్వడిగిన పరీక్ష చేయించాం. ఇంకేం కావాలి?"

"అందులో ఓడిపోయింది కదా సార్."

"క్లిప్పు ఓడిపోలేదు తల్లీ, పరీక్ష ఓడిపోయింది. రెండింటికీ తేడా తెలుసుకోకపోతే ఈ రంగంలో పైకి రాలేవు."

ఆయన సొరుగు లాగి ఒక మాత్ర వేసుకున్నారు. సొరుగు మూయలేదు. లోపల ఉత్తర్వు ఆమెకు కనిపించేలా ఉంది. తను కాదంటే కాగితం పక్క బల్లకు పోతుందని, పక్క బల్లవాడు అరక్షణం ఆలోచించడని ఆమెకు తెలుసు. సంతకం చెయ్యకపోతే ఉద్యోగం పోతుంది. చేస్తే వెనకాల వచ్చే బండివాళ్లు ఎవరి అదృష్టం వాళ్లు చూసుకోవాలి. ఆమె మూడో దారి ఒకటి కనిపెట్టానని అనుకుంది. విజ్ఞానశాస్త్రం చదువుకున్న మనిషి గనుక అబద్ధం రాయలేదు. "వాహనం చక్రాలు పైకి ఉన్నంతకాలం ఈ కవరు ఊడిపోదని ధ్రువీకరిస్తున్నాను" అని స్పష్టంగా రాసి సంతకం చేసింది. చదివిన మనిషి ఎవరైనా సరే, ఆ వాక్యం దగ్గర ఉలిక్కిపడి ఆగుతారని ఆమె అంచనా. ఆ అంచనాలో పొరపాటు చాలా చిన్నది: ఆపగలిగినవారు చదువుతారనుకోవడం.

అధిపతి చదవలేదు, మాత్ర ప్రభావంతో ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. చదివింది రెండు విభాగాలవారు. ప్రకటనలవారు చదివి ఆగలేదు, పరవశించారు. నెల తిరక్కుండా ప్రతి కూడలిలోనూ నాలుగు చక్రాలూ ఆకాశంలోకి చాపిన కారు బొమ్మ వెలిసింది: తలకిందులైనా వదలదు. న్యాయ విభాగంవారు చదివి, ఇంత నిజాయితీ గల వాక్యాన్ని వృథా పోనివ్వకూడదని, దాన్నే వారంటీ షరతుగా చేర్చారు: చక్రాలు కిందికి ఉండగా ఊడితే కంపెనీకి బాధ్యత లేదు.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. బావగారు కూడలిలో బొమ్మ చూసి, పాత కారు ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె, ఆ క్లిప్పును నమ్మొద్దు బావగారూ, అది నిలవదు అని చెప్పబోయింది.

"ఊరుకోమ్మా. నీ వినయం నాకు తెలీదా? తలకిందులుగా ఉంటేనే వదలనిది, మామూలుగా ఉంటే ఒక లెక్కా" అన్నారాయన, గర్వంగా అక్కకేసి చూస్తూ. అక్క చెల్లెలి పళ్లెంలో ఇంకాస్త వడ్డించింది. కంపెనీ సరుకు గురించి బంధువుల దగ్గర చెడుగా మాట్లాడరాదన్న నియమం ఖాయమైన ఉద్యోగులకు వర్తిస్తుంది. ఆమె ఇప్పుడు ఖాయమైన ఉద్యోగి. పైగా వడ్డించినది చల్లారిపోతోంది. ఆమె అన్నం కలుపుకుంది.

సంతకం చేసినవారే సమాధానం చెప్పాలన్నది కంపెనీ సూత్రం. అందుచేత ఆమెను కస్టమర్ల ఫిర్యాదులు మొదట వినే గదికి మార్చారు. చెవులకు ఫోను తగిలించుకుని కూర్చోవాలి. ఏ ఫిర్యాదుకైనా ముందుగా ఒక ప్రశ్న వెయ్యాలి. జవాబును బట్టి తరువాతి మాట ఉంటుంది. మాటలన్నీ రికార్డవుతాయి, వెనక నిలబడి ఒక పర్యవేక్షకురాలు వింటుంది. ఆమె కొద్దికాలంలోనే ఆ పనిలో మంచి పేరు తెచ్చుకుంది.

వర్షం పడి వెలిసిన ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. వెనకాల ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్న చప్పుడు, ఒక చంటిపిల్ల ఏడుపు.

"అమ్మాయ్, నేను. కంపెనీకి ఫోను చేస్తే నువ్వే తగిలావు, మంచిదైంది. కవరు ఊడి పడింది. వెనకాల స్కూటరు మీద వస్తున్నావిడ దాని మీదికెక్కి పడిపోయింది. చెయ్యి రెండు చోట్ల విరిగిందంటున్నారు, ఇంకా స్పృహ రాలేదు. పాప నా చేతుల్లో ఉంది. పోలీసులు తప్పు నాదంటున్నారు. ఏం చెప్పమంటావు, చెప్పు."

ఆయన మరదలా అనలేదు. వెనక పర్యవేక్షకురాలు భుజం మీద మెత్తగా చెయ్యి వేసింది. ఆమె రోజూ అందరినీ అడిగినంత మర్యాదగానే అడిగింది.

"ఊడినప్పుడు కారు చక్రాలు పైకి ఉన్నాయా బావగారూ, కిందికి ఉన్నాయా?"